మా ఇంటి సముద్రానికి కరెంటు పోతే

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి నుంచి బంగాళాఖాతానికి నడిచివెళ్తే పావుగంట. ఆ సముద్రానికి కరెంటు కనెక్షన్ లేదు. మీటరు లేదు, బిల్లు లేదు, అలలు మాత్రం ఆగవు. అందులో చేపలు ఏ ధైర్యంతో బతుకుతున్నాయో నాకు అంతుపట్టదు. నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేదు, ఇన్వర్టర్ లేదు, పొద్దున్నే లేచి ఉప్పు ఎంతుందో కొలిచి చూసే నాథుడు లేడు.

మా హాల్లో ఉన్న సముద్రం అలా దిక్కులేనిది కాదు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, సుమారు 250 లీటర్లు పట్టే గాజు ట్యాంకు. దాని బాగోగులు చూడటానికి ఒక పూర్తి కుటుంబం ఉంది. మూడేళ్ల కిందట బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని అక్వేరియం చూసి వచ్చిన రాత్రి పట్టిన పిచ్చి ఇది. రెండు క్లౌన్ చేపలు, నాలుగు నత్తలు, ఒక రొయ్య, బండలకి అతుక్కున్న మెత్తటి పగడాలు కొన్ని. రాతి పగడాలు లేవు. అవి 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పులి సరసన కూర్చున్నాయి. చట్టాన్ని గౌరవించే మనిషిని కాబట్టి హాల్లో పులినీ పెట్టలేదు, వాటినీ పెట్టలేదు. పుట్టగొడుగుల్లా కనిపించే పగడాలతో సరిపెట్టుకున్నాను. చుట్టాలొచ్చి "పుట్టగొడుగులు నీళ్లలో కూడా మొలుస్తాయా?" అని అడుగుతారు. నేను నవ్వి ఊరుకుంటాను.

పెదజాలారిపేట నుంచి బుట్ట నెత్తిన పెట్టుకొచ్చే చేపలావిడ ఒకసారి గుమ్మంలోంచి తొంగిచూసింది. నేను బకెట్లో ఉప్పు కలుపుతున్నాను. "ఎదర సంద్రం ఎట్టుకుని ఉప్పు పేకెట్లు కొనుక్కుంటన్నావేటి బాబూ?" అంది. ఓపిగ్గా చెప్పాను. ఒడ్డు దగ్గర నీళ్లలో ఊరి కాలవలు కలుస్తాయని, నా నీళ్లు ఉప్పు కొలిచే హైడ్రోమీటరులో 1.025 దగ్గర కదలకుండా నిలబడాలని. అంతా విని, "మరి నీకిప్పుడు తూచిన వంజరం ఆ నీళ్లల్లోదే కదేటి" అని డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయింది. శాస్త్రీయ దృక్పథం లేనివాళ్లతో వాదించి లాభం లేదు.

ఇక కరెంటు సంగతి. ఈ ఊరికి కరెంటు పోవడం కొత్త కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఒడ్డెక్కినప్పుడు రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. స్తంభాలు వరసగా పడుకున్నాయి. పాల ప్యాకెట్టుకి క్యూ, పెట్రోలుకి క్యూ. అద్దె జనరేటర్ తెచ్చి అపార్ట్‌మెంట్ ట్యాంకులోకి నీళ్లు ఎక్కించుకున్నాం. ఆ రోజులన్నీ మా అమ్మ తాటాకు విసనకర్రతో నెట్టుకొచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. అదృష్టం కొద్దీ అప్పుడు మా ఇంట్లో మనుషులు తప్ప ఇంకెవరూ లేరు.

మనిషి కరెంటు లేకుండా బతకగలడని ఆ తుఫాను తేల్చేసింది. గాజు పెట్టెలో చేప బతకలేదు. ఎందుకో చెబుతాను, మీరైనా వినండి, మా ఇంట్లో ఎవరూ వినడం లేదు. ఉప్పునీళ్లు 26 డిగ్రీల దగ్గర లీటరుకు 6, 7 మిల్లీగ్రాముల ఆక్సిజనే పట్టుకోగలవు. వేడెక్కినకొద్దీ ఆ కాస్తా తగ్గుతుంది. అది నీళ్లలోకి దిగాలంటే పైభాగం కదులుతూ ఉండాలి. పంపు ఆగితే పైన తెట్టు కడుతుంది. కింద చేపలు, రొయ్య, నత్తలు, బండల సందుల్లో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉన్నదాన్నే పంచుకుంటాయి. పగలు లైటు వెలుతురులో ఆక్సిజన్ ఇచ్చే నాచు కూడా చీకటి పడితే తీసుకునేవాళ్ల వరసలోకి వచ్చేస్తుంది. కొన్ని గంటలకి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇంటికొచ్చినవాళ్లు "అబ్బ, ఎంత బాగుందో!" అనే ఆ నీలం లైటు మాత్రం మూడు రోజులు వెలగకపోయినా లోపల ఎవరికీ ఏమీ కాదు. పనికిరాని నాచు పెరిగినప్పుడు మేమే కావాలని మూడు రోజులు ఆపేస్తుంటాం.

నా మొదటి కరెంటు కోత ఆక్సిజన్ దాకా పోలేదు. నేల దగ్గరే ఆగింది. ట్యాంకు కింద అలమరలో సంపు అని ఇంకో గాజు తొట్టి ఉంటుంది. పై నీళ్లు పొర్లి గొట్టంలోంచి అందులోకి దిగుతాయి, అక్కడ శుభ్రపడ్డాక పంపు వాటిని మళ్లీ పైకి ఎత్తిపోస్తుంది. పంపు ఆగిందా, ఎక్కించే గొట్టమే వెనక్కి లాగడం మొదలుపెడుతుంది, బండి ట్యాంకులోంచి పైపు పెట్టి పెట్రోలు తీసినట్టు. గొట్టం మూతి నీళ్లలో 10 సెంటీమీటర్ల లోతున ఉంటే మా ట్యాంకు కొలతకి 50 లీటర్ల పైచిలుకు కిందికొచ్చేస్తాయి. అందుకని నీటిమట్టానికి కాస్త దిగువన గొట్టానికి చిన్న బెజ్జం వేస్తారు. నీళ్లు అక్కడికి దిగగానే గాలి దూరి ధార తెగిపోతుంది. నేనూ వేశాను. ఆ రాత్రి ఆ బెజ్జం మీద ఒక నత్త తీరిగ్గా కూర్చుని ఉంది.

అరగంటకి కింది ఫ్లాట్ ఆయన టార్చి పట్టుకొచ్చి తలుపు కొట్టాడు. "సార్, మీ బాల్కనీలోంచి మా బాల్కనీలోకి నీళ్లు పడుతున్నాయి. ఉప్పగా ఉన్నాయి" అన్నాడు. అర్ధరాత్రి పైనుంచి పడుతున్న నీళ్లని ఆయన రుచి ఎందుకు చూశాడో ఇప్పటికీ అడగలేదు. అప్పటి నుంచి వారానికోసారి పాత టూత్ బ్రష్షుతో ఆ బెజ్జం తోముతున్నాను. ఇళ్లలో సముద్రాలున్న తోటి పౌరులకి నా మనవి: పంపు స్విచ్చి పట్టపగలే ఆపి, సంపులోకి నీళ్లు ఎంతవరకు వస్తాయో మెలకువగా ఉండగా చూసుకోండి.

ఆ తర్వాత ఇంట్లో విద్యుత్ సంస్కరణలు చేపట్టాను. మా ఇన్వర్టర్ బ్యాటరీ 150 ఏహెచ్, అంటే ఆంపియర్ అవర్లు. 12 వోల్టులతో హెచ్చవేస్తే 1,800 వాట్ అవర్లు. మార్పిడిలో పోయేది, ఇన్వర్టర్ తాను తినేది, బ్యాటరీ అడుగంటకుండా వదిలేది తీసేస్తే చేతికి మిగిలేది వెయ్యికి అటూ ఇటూ. అమ్మ గదిలో పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు. ట్యాంకులో అలలు పుట్టించే వేవ్‌మేకర్ 10 వాట్లు. చిల్లర్ 300 వాట్లు, దాన్ని ఇన్వర్టర్ మీద పెట్టడమంటే లారీని ఆటోకి కట్టి లాగించడమే. లెక్క అందరికీ తెలిసేలా కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అతికించాను: అమ్మ ఫ్యాను ఒక్కటి ఆగితే ఏడు వేవ్‌మేకర్లు తిరుగుతాయి.

"మనకున్నది ఒకటే కదండీ" అంది మా ఆవిడ.

"సూత్రం చెబుతున్నాను."

"దానికి పది పోను మిగతా అరవై అయిదూ ఎవరికి?"

సూత్రాలు అర్థం కావాలంటే టైం పడుతుంది. అమ్మ ఏమీ అనలేదు. అటక మీద నుంచి హుద్‌హుద్ నాటి విసనకర్ర దింపించుకుంది, అంచులు చిరిగినది.

పైగా మా పాత ఇన్వర్టర్ కరెంటుని గతుకులు గతుకులుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ రకం. దాని మీద సంపు నీళ్లు పైకెత్తే రిటర్న్ పంపు పెడితే జోరీగలా రొద చేస్తూ వేడెక్కింది. కరెంటుని నున్నగా ఇచ్చే సైన్ వేవ్ ఇన్వర్టర్ కొన్నాను. ఫ్యాన్లు గుయ్యిమంటున్నాయి, నిద్ర పట్టడం లేదు, ఇన్వర్టర్ మార్చండని మా ఆవిడ ఆరేళ్లుగా అడుగుతోంది. ఆరేళ్లలో కానిది చేపల పుణ్యాన ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు.

నిజం చెప్పాలంటే ఇంత హంగామా అక్కర్లేదు. 2 వాట్ల యూఎస్‌బీ గాలి పంపు, 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు ఉంటే ఒక రోజంతా బుడగలు వస్తూనే ఉంటాయి. పవర్‌బ్యాంకు మా అబ్బాయిది. వాడు ఇంటర్, ఆన్‌లైన్ క్లాసులంటాడు. ప్రజాప్రయోజనం దృష్ట్యా స్వాధీనం చేసుకున్నాను. అదీ లేనివాళ్లకి చెంబుంది. ట్యాంకులో నీళ్లు ముంచి అడుగెత్తు నుంచి మళ్లీ అందులోకే పోయాలి, శివుడికి అభిషేకం చేసినట్టు. అమ్మకి ఈ ఒక్క పద్ధతి నచ్చింది. పూజగదిలోంచి భక్తిగా రాగిచెంబు తెచ్చింది. నేను కేకేసి లాక్కున్నాను. రాగి నత్తలకీ రొయ్యకీ విషం. చివరికి బాత్రూంలోని ప్లాస్టిక్ మగ్గుతో అభిషేకం జరిగింది.

ప్రభుత్వానికీ నాదొక విన్నపం ఉంది. ఆక్వా జోన్లలో రొయ్యల చెరువులకి యూనిట్ రూపాయిన్నరకే ఇచ్చిన రాష్ట్రం మనది. మా ఇంట్లోనూ ఒక రొయ్య ఉంది. భీమవరం వైపు రైతు రాత్రి కరెంటు పోతే పరిగెత్తుకెళ్లి డీజిల్ జనరేటర్ వేసి నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు తిప్పుతాడు, తెల్లారేలోపు ఆక్సిజన్ పడిపోతే చెరువంతా తేలిపోతుందని. అతనిది అప్పు తెచ్చి వేసిన పంట, నాది సరదా. కానీ రొయ్యకి ఆ తేడా తెలియదు కదా. రాయితీ కోసం దరఖాస్తు రాశాను. విస్తీర్ణం ఎన్ని ఎకరాలు అన్న గడి దగ్గర ఆగాను.

మొన్న ఎండాకాలం ఒక సాయంత్రం ఈదురుగాలి లేచి కరెంటు పోయింది. కరెంటు ఆఫీసుకి ఫోను చేశాను.

"ఫీడర్ లైను మీద కొమ్మ పడింది సార్, జంపర్ వైరు తెగింది. లైను ఆపి పనిచేయడానికి ఎల్‌సీ తీసుకున్నాం. టైం పడుతుంది."

"ఇంట్లో ఆక్సిజన్ అందకపోతే బతకనివాళ్లు ఉన్నారండీ."

అవతల గొంతు మారిపోయింది. "పేషెంట్లా సార్? ఎంతమంది?"

"ఇద్దరు."

"వయసు?"

"మూడేళ్లు."

"అయ్యో. కవలలా సార్?"

క్లౌన్ చేపలన్నీ ముందు మగవే. జంటలో పెద్దది తర్వాత ఆడదవుతుంది. ఫోన్లో ఇదంతా ఎక్కడ చెబుతాం? "అలాగే అనుకోండి" అన్నాను. జాగ్రత్తగా గమనిస్తే నేను ఒక్క అబద్ధమూ ఆడలేదు.

గంట గడిచాక ఒక లైన్‌మన్ మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది. పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలేమో, కిందికి దింపడానికి సాయం కావాలేమో కనుక్కుందామని వచ్చానన్నాడు. టార్చి ట్యాంకు మీదికి తిప్పాను. పెద్దది, చిన్నది గాలి బుడగల పక్కన ఊగుతున్నాయి.

"ఇవేనా సార్?"

"ఇవే."

కాసేపు చూశాడు. "కాసిన్ని మంచినీళ్లు ఇప్పిస్తారా?" అన్నాడు.

కరెంటు లేకపోతే వంటింట్లో ఆర్ఓ మిషన్ పనిచేయదు. దాని పక్కన రెండు 20 లీటర్ల క్యాన్లలో ముందే పట్టిపెట్టిన ఆర్ఓ నీళ్లున్నాయి. ట్యాంకులో ఆవిరయ్యేది మంచినీళ్లే, ఉప్పు అందులోనే ఉండిపోతుంది. అందుకని తగ్గినంత మేరా మంచినీళ్లే పోయాలి. క్యాన్ల మీద మార్కర్‌తో "ట్యాంకుకి మాత్రమే" అని రాసిపెట్టింది నేనే. నేను ఆ అక్షరాల వైపు చూశాను. మా ఆవిడ నా వైపు చూసింది. తర్వాత ఆవిడే క్యాను వంచి రెండు గ్లాసులు నింపి ఇచ్చింది. అతను తాగి, "ఇంకో రెండు గంటలు పట్టొచ్చు సార్" అని మళ్లీ స్తంభం దగ్గరికి వెళ్లిపోయాడు.

చిల్లర్ ఆగి మూడు గంటలు. థర్మామీటర్ 29.5. ముప్పై దాటితే పగడాలు ముడుచుకోవడం మొదలుపెడతాయి. నీళ్ల మీద గాలి తగిలితే ఆవిరై చల్లబడతాయి, ఊళ్లో గాలి పొడిగా ఉంటే. విశాఖ ఉక్కపోతలో ఆరేసిన తువ్వాలే ఆరదు. కాబట్టి ఐసు. ముక్కలు నేరుగా వేస్తే కరిగి ఉప్పు పలచబడుతుంది. మూత బిగించిన సీసాల్లో గడ్డకట్టించి తేలేయాలి, ఒకదాని తర్వాత ఒకటి, నెమ్మదిగా. అందుకే మా ఫ్రీజర్ ఏడాది పొడుగునా ఆరు సీసాల కబ్జాలో ఉంటుంది. పొద్దున చేపలావిడ ఇచ్చిన కిలో వంజరానికి అందులో చోటు దొరక్క కింది అరలో పెట్టారు. కరెంటు లేని ఫ్రిజ్‌లో అది తెల్లారేదాకా ఆగదు.

ఇన్వర్టర్ ట్యాంకుకే అంకితం కాబట్టి అలా ఆ రాత్రి కొవ్వొత్తి వెలుగులో వంజరం పులుసు అయింది. కరెంటు లేనప్పుడు ట్యాంకులో మేత వేయకూడదు, మిగిలింది కుళ్లి ఉన్న ఆక్సిజన్ తినేస్తుంది. వాటికి ఉపవాసం, మాకు పులుసు. చింతపండు వాసన హాలంతా పట్టింది. పెద్ద క్లౌన్ గాజుకి దగ్గరగా వచ్చి నిలబడి మా అబ్బాయి కంచం వైపు చూస్తోంది. వాడు కుర్చీ పక్కకి తిప్పుకున్నాడు.

అన్నాలయ్యాక అమ్మ కుర్చీ లాక్కుని ట్యాంకు పక్కన కూర్చుంది. నేను మూత తీసి రెండో సీసా వేస్తున్నాను. చిరిగిన విసనకర్ర నాలుగుసార్లు తనకి విసురుకుని, అయిదోసారి నీళ్ల మీద విసిరింది. మళ్లీ నాలుగు, మళ్లీ ఒకటి.

"అమ్మా, ఈ ఉక్కలో దానివల్ల..." అని మొదలుపెట్టాను.

"నువ్వు మగ్గు తిప్పరా నాన్నా, వాటికీ పోస్తుంది కదా ఉక్క" అంది.

పదకొండున్నరకి కరెంటు వచ్చింది. థర్మామీటర్ 29.3 చూపించింది. సీసా వల్లో విసనకర్ర వల్లో తేల్చే పరికరం నా దగ్గర లేదు. మర్నాడు పూర్ణా మార్కెట్‌కి వెళ్లి రెండు కొత్త విసనకర్రలు కొన్నాను. అందులో ఒకటి అమ్మకి.