బుధవారం వేలంలో మన పాట ఏదీ?

మంగళవారం నాడు ఇంట్లోంచి డబ్బు బయటికి ఇవ్వకూడదని మన పల్లెల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ పట్టుబడతారు. రాష్ట్ర ప్రభుత్వాలకు మాత్రం అప్పు పుట్టేది సాధారణంగా మంగళవారమే. రిజర్వు బ్యాంకు నడిపే వేలంలో రాష్ట్రాల బాండ్లు ఆ రోజే అమ్ముడవుతాయి. ఆంధ్రప్రదేశ్ ఈసారి ఎంత తెచ్చిందన్న లెక్క మర్నాటి పత్రికల్లో పతాక శీర్షికకు ఎక్కుతుంది. మేమూ ఎన్నోసార్లు అలాగే రాశాం. ఆ మర్నాడు, అంటే బుధవారం, కేంద్ర ప్రభుత్వం కోసం మరో వేలం జరుగుతుంది. వారం వారం వేల కోట్ల రూపాయల మేర సాగే ఆ వేలం గురించి శ్రీకాకుళం, విజయనగరం పాఠకులకు మేము ఇంతవరకు సరిగా చెప్పలేదు. ఇది మా లోపమే. అందులో పాల్గొనే హక్కు ఇప్పుడు పది వేల రూపాయలు చేతిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉంది కనుక ఇక ఆలస్యం చేయడం తగదు.

అక్కడ అమ్మేవి ట్రెజరీ బిల్లులు, అంటే కేంద్రం ఏడాదిలోపు తీర్చే అప్పు పత్రాలు. గడువులు మూడే: 91 రోజులు, 182 రోజులు, 364 రోజులు. వీటిపై వడ్డీ అంటూ విడిగా ఏమీ ఇవ్వరు. వంద రూపాయల బిల్లును వందకు తక్కువగా కొంటాం. గడువు నాటికి నిండుగా వంద చేతికొస్తుంది. ఆ తేడాయే ఆదాయం. చీటీలు వేసే ఇళ్లలో పుట్టి పెరిగిన మనవాళ్లకు ఇది కొత్త లెక్క కాదు. డబ్బు అవసరం పడ్డ సభ్యుడు లక్ష రూపాయల చీటీని ఎనభై అయిదు వేలకే పాడుకుంటాడు, ఆ తర్వాత లక్ష లెక్కనే వాయిదాలు కట్టుకుంటూ వస్తాడు. ముందు తక్కువ తీసుకుని వెనక పూర్తిగా తీర్చడం రెండు చోట్లా ఒకటే. తేడా పోటీలో ఉంది. చీటీలో అవసరమున్న నలుగురు ఒకరి మీద ఒకరు పాడి తమకు రావలసింది తామే తగ్గించుకుంటారు. బుధవారం వేలంలో అవసరం ప్రభుత్వానిది, పోటీ డబ్బున్నవారిది. ఎవరు ఎక్కువ ధర పెడతామంటే, అంటే తక్కువ రాబడితో సరిపెట్టుకుంటామంటే, బిల్లులు ముందు వారికి దక్కుతాయి. అమ్మదలచిన మొత్తం నిండిన చోట గీత గీస్తారు. అదే కటాఫ్ ధర. అంతకంటే తక్కువ పాడినవారికి ఆ వారం ఏమీ రాదు. ఇదంతా కంప్యూటర్ మీదే నడుస్తుంది. వడ్డికాసులవాడి పెళ్లికి అప్పిచ్చిన కుబేరుడి పేరునే ఆ వేదికకు ఈ-కుబేర్ అని పెట్టారు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఏడాదికి ఆరు శాతం రాబడి అనుకుంటే 91 రోజుల బిల్లు ధర వందకు 98 రూపాయల 53 పైసలు అవుతుంది. పది వేల బిల్లుకు సుమారు 9,853 రూపాయలు పెట్టాలి. మూడు నెలలు గడిస్తే 147 రూపాయలు కలిసొస్తాయి. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నెలకు నూటికి అర్ధ రూపాయి. ఆరు శాతం అన్నది ఉదాహరణకు తీసుకున్న అంకె. అసలు రేటు ఏ వారానికి ఆ వారం వేలంలోనే తేలుతుంది.

కేంద్ర ప్రభుత్వానికి మూడు నెలల అప్పుతో పనేమిటన్న సందేహం రావచ్చు. వంశధార, నాగావళి ఆయకట్టు రైతుకు దీని జవాబు ఎవరూ చెప్పనక్కరలేదు. వడ్లు అమ్మిన డబ్బు కోతలయ్యాకే వస్తుంది. విత్తనానికీ, దమ్ముకూ, నాట్ల కూలికీ ఖర్చు నెలల ముందే తగులుతుంది. ప్రభుత్వానికీ ఇంతే. ముందస్తు ఆదాయపు పన్ను వాయిదాలు జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల 15వ తేదీల నాటికి జమ అవుతాయి. జీతాలు, పింఛన్లు ప్రతి నెలా ఆగకుండా వెళ్లాలి. ఆ నడుమ ఎడాన్ని ఈ బిల్లులు పూడుస్తాయి. పాత బిల్లు తీర్చడానికి కొత్త బిల్లు అమ్మడమూ మామూలే. అక్కడే ప్రమాదమూ పొంచి ఉంటుంది.

వేలం లేని రోజులు ఎలా ఉండేవో గుర్తు చేసుకుంటేనే దాని విలువ తెలుస్తుంది. మన దేశంలో ట్రెజరీ బిల్లులు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1917లో వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1955లో కేంద్రానికీ రిజర్వు బ్యాంకుకూ ఒక ఏర్పాటు కుదిరింది. ప్రభుత్వ నగదు నిల్వ నిర్ణీత స్థాయికి తగ్గిందంటే చాలు, అడ్‌హాక్ బిల్లులు వాటంతటవే పుట్టుకొచ్చేవి. రిజర్వు బ్యాంకు వాటిని తీసుకుని ప్రభుత్వ ఖాతా నింపేది. తాత్కాలికమని పేరు పెట్టిన ఆ పద్ధతి నాలుగు దశాబ్దాలు నడిచింది. ధరలు భగ్గుమన్న 1974లో బిల్లుల మీద తగ్గింపు రేటును, అంటే వందకు ఎంత తక్కువకు అమ్మాలన్న లెక్కను, ఏడాదికి 4.6 శాతంగా ఖరారు చేశారు. ఆ తర్వాత ధరలు ఎంత పెరిగినా ఆ రేటు ఏళ్ల తరబడి కదల్లేదు. అప్పు ఇచ్చేవారితో బేరమే లేదు, కనుక అప్పు ఎంత బరువో చెప్పే త్రాసు కూడా లేదు. ఆ బరువు చివరికి కిరాణా కొట్టులో బియ్యం ధరగా, పప్పు ధరగా సామాన్యుడి మీదే పడింది.

మార్పు మెల్లగా వచ్చింది. 182 రోజుల బిల్లులు 1986లో, 364 రోజుల బిల్లులు 1992లో మొదలయ్యాయి. 91 రోజుల బిల్లుల వేలం 1993లో వచ్చింది. 1997 ఏప్రిల్ 1 నుంచి అడ్‌హాక్ బిల్లులకు పూర్తిగా తెరపడింది. వాటి స్థానంలో వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సులు, అంటే రిజర్వు బ్యాంకు ప్రభుత్వానికి పరిమితి, గడువు పెట్టి ఇచ్చే చేబదుళ్లు, వచ్చాయి. ఏ ఊరేగింపూ, ఏ శిలాఫలకమూ లేకుండా జరిగిన ఈ మార్పు మన ప్రజాస్వామ్యానికి దక్కిన పెద్ద మేళ్లలో ఒకటని మా నమ్మకం. పాలకుడు తన అప్పుకు తానే రేటు రాసుకునే రోజు పోయి, వారానికోసారి అందరి ముందూ పరీక్షకు కూర్చునే రోజు వచ్చింది.

ఆ పరీక్ష ఎంత నిర్మొహమాటమైనదో పొరుగున ఉన్న శ్రీలంక చూసింది. 2022లో విదేశీ మారక నిల్వలు అడుగంటి దేశం దివాలా అంచుకు చేరినప్పుడు అక్కడి ట్రెజరీ బిల్లుల రాబడి 30 శాతం దాటింది. స్వల్పకాలిక అప్పు మీద ఎక్కువగా ఆధారపడిన ప్రభుత్వానికి గడువులు వెంట వెంటనే ముంచుకొస్తాయి. ఒక్క వారం కొనేవారు మొహం చాటేసినా ఊపిరాడదు. ఎదురు సంఘటన అమెరికాలో జరిగింది. 2008 డిసెంబరులో బ్యాంకులు కూలుతున్న వేళ నాలుగు వారాల ప్రభుత్వ బిల్లులు సున్నా రాబడికే అమ్ముడుపోయాయి. అసలు భద్రంగా తిరిగొస్తే చాలు, లాభం అక్కరలేదని మదుపరులు అనుకున్నారు. ఒక ప్రభుత్వం మీద జనానికి ఉన్న నమ్మకం ఎంతో అంకెల్లో చూపే అద్దం ఇంతకన్నా వేరే ఉందా?

అద్దానికి మసి పూయాలని చూసినవారూ ఉన్నారు. 1991లో సాలమన్ బ్రదర్స్ అనే అమెరికా సంస్థ ఖాతాదారుల పేరిట, వారి అనుమతి లేకుండా, ప్రభుత్వ నోట్ల (కొన్నేళ్ల గడువున్న అప్పు పత్రాల) వేలంలో దొంగ పాటలు వేసి పట్టుబడింది. ఒక్కరే 35 శాతానికి మించి పాడకూడదన్న నిబంధనను తప్పించుకోవడానికే ఆ పని చేసింది. 29 కోట్ల డాలర్లు చెల్లించుకోవలసి వచ్చింది. పాడేవారు గుప్పెడు మందే ఉన్న వేలంలో ఇలాంటి కుట్రకు ఎప్పుడూ అవకాశం ఉంటుంది. చేపల రేవులో నలుగురు వ్యాపారులు కూడబలుక్కుంటే వల లాగినవాడి కష్టం ఏమవుతుందో భావనపాడు తీరంలో ఎవరిని అడిగినా చెబుతారు. వేలం చుట్టూ జనం ఎంత ఎక్కువగా ఉంటే సరుకుకు అంత న్యాయం జరుగుతుంది. ఇక్కడ సరుకు దేశం పరపతి.

చిన్న మదుపరిని ఆ చుట్టులోకి తేవడానికి మన వేలంలో చక్కటి ఏర్పాటు ఉంది. బ్యాంకులు, మ్యూచువల్ ఫండ్లు, ప్రైమరీ డీలర్లు (ప్రభుత్వ అప్పు పత్రాలు కొని అమ్మేందుకు రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థలు) ధర చెప్పి పోటీ పడతారు. మన బిల్లుల వేలంలో ఎవరు ఏ ధరకు పాడితే ఆ ధరే చెల్లించాలి కనుక, అంచనా తప్పి ఎక్కువ పాడినవాడు నష్టపోతాడు. ఆ లెక్కలు రోజంతా చూసుకోలేని సామాన్యుడు ధర చెప్పనక్కరలేదు. ఎంత మొత్తానికి కావాలో చెబితే చాలు. పోటీదారులు తేల్చిన సగటు ధరకే అతనికి బిల్లు వస్తుంది. దీనిని పోటీ లేని బిడ్డు అంటారు. 2021 నవంబర్ 12న ప్రారంభమైన రిటైల్ డైరెక్ట్ పథకం కింద ఎవరైనా రిజర్వు బ్యాంకు దగ్గర నేరుగా గిల్ట్ ఖాతా, అంటే ప్రభుత్వ అప్పు పత్రాలు దాచుకునే ఖాతా, తెరవవచ్చు. పాన్ కార్డు, పొదుపు ఖాతా, గుర్తింపు పత్రం, ఫోను నంబరు, ఈమెయిల్ ఉంటే సరిపోతుంది. ఖాతాకు రుసుము లేదు. 2024లో మొబైల్ యాప్ వచ్చింది. గడువు తీరిన డబ్బుతో మళ్లీ దానంతటదే పాడుకునే సదుపాయాన్ని కూడా రిజర్వు బ్యాంకు 2025 ఆగస్టులో ప్రకటించింది.

దారి ఇంత నున్నగా ఉన్నా మన రెండు జిల్లాల్లో దాని మీద నడిచేవారు కనిపించరు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో పదిమందిని ఆపి ట్రెజరీ బిల్లు అంటే ఏమిటని అడిగితే ఎందరు చెప్పగలరు? సైన్యంలో పదిహేనేళ్లు చేసి వచ్చిన జవానుకు ఒకేసారి అందిన డబ్బు, సర్వీసంతా దాచుకున్న ఉపాధ్యాయుడి భవిష్య నిధి, పలాస జీడి కార్ఖానాల్లో గింజ వలిచి ఆడవాళ్లు కూడబెట్టినది ఎక్కడికి పోతోంది? తెలిసినవాడి మాట మీద చీటీలోకి, నూటికి రెండు రూపాయల వడ్డీ ఆశ మీద చేబదులులోకి, ఏజెంటు చూపిన రంగుల కరపత్రం మీద డిపాజిట్ కంపెనీలోకి. నిర్వాహకుడు రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి వెళ్లిపోయిన వార్త జిల్లా పేజీలో వేసిన ప్రతిసారీ మా విలేకరులకు ఎదురయ్యే ముఖాలు ఇవే. కూతురి పెళ్లికని దాచినది పోయిన తల్లి ముందు కూర్చుని వడ్డీ రేట్ల గురించి మాట్లాడడానికి నోరు రాదు. ఆమెకు ఆ మాట ముందే చెప్పి ఉండవలసింది.

బిల్లుల్లో డబ్బు పెడితే ధనవంతులైపోతారని మేము చెప్పడం లేదు. వృద్ధులకు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకం ఇంతకంటే ఎక్కువ ఇస్తోంది. దీర్ఘకాలం దాచుకునే డబ్బుకు వేరే మార్గాలున్నాయి. బిల్లు మీద వచ్చిన లాభానికి పన్ను లెక్క చూపాలి. గడువుకు ముందే అమ్ముకోవచ్చు గానీ చిన్న మొత్తానికి కొనేవారు వెంటనే దొరకకపోవచ్చు, దొరికినా ధర తగ్గవచ్చు. మాఘమాసంలో పెళ్లి పెట్టుకుని దసరాకే డబ్బు సమకూర్చుకున్న ఇంటికి, జీడి పిక్కల సీజన్ కోసం ఎదురుచూసే చిన్న వ్యాపారికి, శ్లాబు వేయడానికి వర్షాలు వెళ్లాలని ఆగినవారికి మాత్రం ఇది సరిగ్గా అమరిన సాధనం. బ్యాంకులో డిపాజిట్‌కు బీమా అయిదు లక్షల వరకే. బిల్లు మీద ఎంత మొత్తానికైనా హామీ భారత ప్రభుత్వానిదే.

అందుకే అడుగుతున్నాం. రిజర్వు బ్యాంకు ఈ పథకం వివరాలను పల్లెలో పదో తరగతి చదివినవారికి అర్థమయ్యే తెలుగులో ఇవ్వాలి. జిల్లాలో బ్యాంకుల పనిని సమన్వయం చేసే లీడ్ బ్యాంకు అధికారులు ప్రతి మండల కేంద్రంలో నెలకొక రోజు కూర్చుని ఖాతాలు తెరిపించాలి. తన ఖాతాదారు డిపాజిట్ వేరే చోటికి పోతుందని ఏ బ్యాంకు మేనేజరైనా ఈ సంగతి దాచిపెడితే అది ఖాతాదారుకు చేసే అన్యాయం. 2008 నుంచి 2013 వరకు రిజర్వు బ్యాంకు గవర్నరుగా ఉన్న దువ్వూరి సుబ్బారావు ఉద్యోగ జీవితపు తొలినాళ్లలో పార్వతీపురంలో సబ్ కలెక్టరుగా పనిచేశారు. ముంబయికీ మన కొండవాలు గ్రామాలకూ నడుమ దూరం దాటలేనిదేమీ కాదు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. రిటైల్ డైరెక్ట్ ఖాతా వ్యక్తుల పేరిటే తెరుస్తారు, సంఘాల పేరిట తెరవడానికి వీల్లేదు. మన జిల్లాల్లో పొదుపు అలవాటును నిలబెట్టిందే మహిళా సంఘాలు. పదిమంది కూర్చుని పైసా పైసా లెక్క రాసుకునే క్రమశిక్షణ వారిది. సభ్యులకు అప్పులివ్వగా మిగిలిన సొమ్ము పొదుపు ఖాతాలో కొద్దిపాటి వడ్డీకి పడి ఉంటుంది. గ్రామ సమాఖ్యలకూ, మండల సమాఖ్యలకూ ఈ పథకం కింద ఖాతా తెరిచే వీలు కల్పించాలి. పెద్ద బ్యాంకుకు దొరికే ధరే ఆ అక్కచెల్లెళ్లకూ దొరకాలి. ఇందుకోసం రెండు జిల్లాల పార్లమెంటు సభ్యులు ఆర్థిక శాఖను గట్టిగా అడగాలి.

మా వంతు పని మేము మొదలుపెడుతున్నాం. వచ్చే వారం నుంచి ప్రతి గురువారం, వేలం జరిగిన మర్నాడు, మూడు గడువుల బిల్లుల కటాఫ్ ధరలనూ మార్కెట్ ధరల పేజీలో జీడి పిక్కల బస్తా ధర పక్కనే ముద్రిస్తాం. రాబడి ఏడాదికి ఎంత శాతమో వేసి, దాని కింద నెలకు నూటికి ఎన్ని పైసలో కూడా వేస్తాం.