సిమెంటు బస్తాలో మన ఊరి వాటా ఎంత? సభలో అడిగేదెవరు?

తెలంగాణ అసెంబ్లీలో పైసల చర్చ మొదలైందంటే వినిపించేవన్నీ లక్షల కోట్లే. 2023 డిసెంబర్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం శ్వేతపత్రం పెట్టి రాష్ట్రం మొత్తం అప్పు 6,71,757 కోట్లని చెప్పింది, ఆ లెక్కే తప్పంటూ బీఆర్ఎస్ స్వేదపత్రం తెచ్చింది, అప్పట్నుంచి బడ్జెట్ సమావేశం ఎప్పుడు పెట్టినా ఇదే పంచాయితీ. అప్పుల మీద నిలదీయొద్దని కాదు, నిలదీయాల్సిందే. కానీ నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు జిల్లాల నుంచి గెలిచిన ఎమ్మెల్యే లేచి నిలబడి ఇంకో మాట కూడా అడగాలి. మా మండలం గనుల నుంచి ఈ మూడేళ్లలో ఎన్ని టన్నుల రాయి పోయింది, దాని మీద ఎంత వచ్చింది, వచ్చింది ఎక్కడ ఖర్చు పెట్టారు?

ఈ ప్రశ్న ఎంత అవసరమో తెలియాలంటే ఒక్క సిమెంటు బస్తా లెక్క చూస్తే చాలు. టన్ను సిమెంటుకు సుమారు టన్నున్నర సున్నపురాయి పడుతుంది. అంటే యాభై కిలోల బస్తాకు ముప్పావు క్వింటాలు. సున్నపురాయికి కేంద్రం 2014 సెప్టెంబర్‌లో ఖరారు చేసిన రాయల్టీ, అంటే ఖనిజం తవ్వుకున్నందుకు కట్టే సొమ్ము, టన్నుకు 80 రూపాయలు. బస్తాకు లెక్కేస్తే ఆరు రూపాయలు. ఇది రాష్ట్ర ఖజానాకు పోతుంది. దీని పైన జిల్లా ఖనిజ నిధి, అదే డీఎంఎఫ్‌టీకి, 2015కు ముందు ఇచ్చిన పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో వచ్చిన కొత్త లీజులైతే 10 శాతం కట్టాలి. పాత లీజు అనుకుంటే బస్తాకు రూపాయి ఎనభై పైసలు, కొత్త లీజైతే అరవై పైసలు. మనం మూడొందలు పెట్టి కొనే బస్తాలో, ఆ రాయి పుట్టిన ఊరి పేరు మీద జమయ్యేది అంతే. మేళ్లచెరువు, మఠంపల్లి, చింతలపాలెం, వాడపల్లి పక్క ఊళ్లకు ఎవరైనా వెళ్లి చూడండి, రోడ్డు వారన ఉన్న చేనులో పత్తి ఆకు మీద వేలితో గీస్తే గీత పడుతుంది, క్వారీలో పేలుడు జరిగిన ప్రతిసారీ ఇంటి రేకులు అదురుతాయి. ఆ రూపాయి ఎనభై పైసలైనా సరిగ్గా ఆ ఊరికి చేరిందా అని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు.

ఇక్కడ ఎమ్మెల్యేలకు నిజంగానే ఒక ఇబ్బంది ఉంది, అది ఒప్పుకోవాలి. బడ్జెట్ పుస్తకాల్లో గనుల ఆదాయం పన్నేతర రాబడి కింద, 0853 అనే పద్దులో కనిపిస్తుంది. అది రాష్ట్రం మొత్తానికి. అందులో పెద్ద వాటా సింగరేణి బొగ్గుది. బొగ్గుకు రాయల్టీ ధరలో 14 శాతం కాబట్టి ధర పెరిగితే రాబడీ పెరుగుతుంది. సున్నపురాయికేమో టన్నుకు ఇంత అని కట్టేశారు, సిమెంటు ధర ఎంత పెరిగినా ఆ 80 పెరగదు. ఈ రెండూ ఒకే అంకెలో కలిసిపోతే దక్షిణ తెలంగాణ రాయి ఎంత, ఇసుక ఎంత, గ్రానైట్ ఎంత అన్నది ఆ పుస్తకం చూసి ఎవరూ చెప్పలేరు. పైగా ఒకే రోజు ఎన్నో పద్దులు కలిపి చర్చకు పెడతారు, గనుల వంతు వచ్చేసరికి టైమ్ అయిపోతుంది.

డీఎంఎఫ్‌టీ సంగతి ఇంకా వేరు. అది జిల్లా ట్రస్టు. ఆ డబ్బు రాష్ట్ర సంచిత నిధిలోకి, అంటే ప్రభుత్వ రాబడి చేరే ప్రధాన ఖాతాలోకి రాదు, కాబట్టి సభ దాని మీద ఓటు వేయదు, పద్దుల్లో దాని ఊసే ఉండదు. ఈ నిధిని రాష్ట్ర ఖజానాకో ముఖ్యమంత్రి సహాయ నిధికో మళ్లించొద్దని 2021లో కేంద్రం స్పష్టంగా చెప్పింది. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం లాంటి వాటికే పెట్టాలి, గనికి 15 కిలోమీటర్ల లోపు ఊళ్లను నేరుగా దెబ్బతిన్నవిగా లెక్కించాలి. నిబంధనలు బాగానే ఉన్నాయి. మరి గని నుంచి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న టౌన్‌లో డివైడర్లకో, ఆఫీసు భవనం రిపేరుకో ఈ పైసలు పోతే పట్టుకునేదెవరు? పట్టుకోవాల్సిన పాలకమండలిలో ఎమ్మెల్యే కూడా సభ్యుడే, 2021 నుంచి కేంద్ర ఉత్తర్వులే ఆ చోటు ఇచ్చాయి. సభలో మైక్ దొరకలేదంటే అర్థం చేసుకోవచ్చు, జిల్లాలో తానే కూర్చునే మీటింగులో పనుల జాబితా చదవకుండా సంతకం పెడితే మాత్రం జనం ఎందుకు ఊరుకోవాలి?

ఇసుక, కంకర, గ్రానైట్ దగ్గర సమస్య రేటుది కాదు, తూకానిది. పర్మిట్‌లో రాసిన టన్నులు ఒకటి, లారీలో పోయే టన్నులు ఇంకొకటి, ఒక్క పర్మిట్ మీద రెండు మూడు ట్రిప్పులు కొట్టడం గురించి ఏ వాగు ఒడ్డున అడిగినా చెబుతారు. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, అయినా వాగులో ఇసుక లేచిపోయి బోర్లు ఎండిపోతున్నాయని రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు. ఎమ్మెల్యే అడగాల్సింది చాలా సింపుల్: ఏడాదికి ఇచ్చిన పర్మిట్ల టన్నులు, వేబ్రిడ్జిల్లో నమోదైన టన్నులు, క్వారీ గుంతను సర్వే చేసి కొలిస్తే తేలిన టన్నులు, ఈ మూడూ పక్కపక్కన పెట్టండి. ఆ మూడు అంకెల మధ్య తేడా ఉంటే అదే మనం పోగొట్టుకున్న ఆదాయం.

మరి అడిగేదెవరు? 2023 ఎన్నికల్లో ఉమ్మడి నల్లగొండలో 12 సీట్లకు 11, ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో 14కు 12 కాంగ్రెస్ గెలిచింది. ముఖ్యమంత్రి మన కొడంగల్ ఎమ్మెల్యే, సున్నపురాయి బెల్టు నడిమధ్య ఉన్న హుజూర్‌నగర్ ఒక మంత్రి నియోజకవర్గం. ఇంతమంది అధికార పక్షంలో ఉన్నప్పుడు ప్రశ్న ప్రతిపక్షం నుంచే రావాలని కూర్చుంటే అది రాదు. సొంత ప్రభుత్వాన్ని లెక్క అడిగితే తిరుగుబాటు అంటారేమోనన్న భయం ఎందుకో నాకు అర్థం కాదు, పార్టీ ఏదైనా ఎమ్మెల్యేను పంపింది జనమే కదా. 2019 సెప్టెంబర్‌లో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని అమ్రాబాద్ జనం రోడ్డెక్కితే ఇదే సభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. పార్టీలు పక్కనబెట్టి మాట్లాడటం మన నాయకులకు చేతకాని పనేం కాదు.

ఇంకో పెద్ద విషయం సభ దాకా రానేలేదన్న బాధ నాకుంది. 2024 జూలై 25న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం 8:1 మెజారిటీతో, రాయల్టీ అనేది పన్ను కాదు, ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉంది అని తేల్చింది. తమిళనాడు వెంటనే చట్టం చేసి 2025 ఏప్రిల్ నుంచి సున్నపురాయి మీద టన్నుకు 160 రూపాయలు వసూలు చేస్తోంది, అంటే రాయల్టీకి రెట్టింపు. మనమూ రేపే అంత వేయాలని నేననను, వేస్తే ఆ భారం తిరిగి ఇల్లు కట్టుకునేవాడి మీదే పడొచ్చు, ఫ్యాక్టరీలు కృష్ణా అవతలి ఒడ్డుకు మొగ్గు చూపొచ్చు. ఇవన్నీ కూర్చుని మాట్లాడాల్సిన విషయాలు. అసలు ప్రభుత్వం దీని మీద ఏమనుకుంటోంది, వేస్తే అందులో గని ఊళ్లకు వాటా ఎంత, ఒక్క ఎమ్మెల్యే అడిగినా మంత్రి జవాబు చెప్పక తప్పదు.

అందుకు పెద్ద కసరత్తు కూడా అక్కర్లేదు. వచ్చే సమావేశాలకు ముందే ప్రశ్న రాసి నోటీసు ఇవ్వాలి, మండలాల వారీగా టన్నులు, రాయల్టీ, డీఎంఎఫ్‌టీ జమ, ఖర్చు అడగాలి. ప్రశ్నోత్తరాల గంట గొడవల్లో పోయినా రాతపూర్వక జవాబు సభ ముందుకు వస్తుంది. ఆ జవాబులోని మండలం పేజీని ప్రింట్ తీసి ప్రతి గని ఊరి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి, వచ్చే గ్రామసభలో దాన్ని గట్టిగా చదవాలి.