చప్పుడు చేసే బాధ్యత మాది

పెట్రోల్ మోవర్, అంటే లాన్‌లో గడ్డి కోసే ఇంజన్ మెషిన్, ఉన్నవాళ్లకి ఒక పెద్ద సౌకర్యం ఉంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. సెలవు రోజు పొద్దున్నే బయటికొచ్చి తాడు ఒక్క లాగు లాగితే చాలు, ఫలానా ఇంటాయన నిద్ర లేచాడని, పనిలోకి దిగాడని, లాన్ మీద శ్రద్ధ ఉన్న బాధ్యతగల పౌరుడని వీధి మొత్తానికి తెలిసిపోతుంది. నిద్రపోతున్నవాళ్లకి ఇంకా బాగా తెలుస్తుంది. ఆ తరవాత ఆయన నోరు విప్పి ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు.

చేత్తో తోసే రీల్ మోవర్ వాడే మాకు ఆ అదృష్టం లేదు. చెమటలు కక్కుతూ లాన్ అంతా ఈ కొస నుంచి ఆ కొసకి తోసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగించి, నడుం పట్టుకుని నిలబడినా పక్కింటి పిల్లి కూడా తల తిప్పి చూడదు. నలుగురికీ తెలియని కష్టం కూడా ఒక కష్టమేనా? అందుకే మాకు నోరు కాస్త ఎక్కువ. దీన్ని కొందరు గొప్పలు చెప్పుకోవడం అనుకుంటున్నారు. కాదండీ. ఇంజన్ చేయాల్సిన ప్రచారం, ఇంజన్ లేదు కాబట్టి మా నెత్తిన పడింది, అంతే. మెషిన్ ఎంత తక్కువ చప్పుడు చేస్తే దాని ఓనర్ అంత ఎక్కువ మాట్లాడాల్సి వస్తుంది. ఈ విషయం ఎవరో ఒకరు సీరియస్‌గా చెప్పాలి కాబట్టి నేను చెబుతున్నా.

ముందు మెషిన్ సంగతి. అడిగినా అడగకపోయినా మేం ముందు అదే చెబుతాం. రెండు చక్రాలు, వాటి మధ్యలో మెలితిరిగిన బ్లేడ్లతో ఒక రీల్, దాని కింద కదలకుండా అడ్డంగా బిగించిన ఇంకో బ్లేడు. మనం తోస్తే చక్రాలు తిరుగుతాయి, చక్రాల లోపలి పళ్లు రీల్‌ని అంతకంటే వేగంగా తిప్పుతాయి, తిరిగే బ్లేడు గడ్డిపరకని తీసుకెళ్లి కింది బ్లేడుకి ఆనించి కత్తెర లాగా టక్కున కోసేస్తుంది. పెట్రోల్ మోవర్ పద్ధతి వేరు. అందులో కింద అడ్డంగా తిరిగే బ్లేడు గడ్డిని కొట్టి తెంపుతుంది, ఆ బ్లేడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఎవరి మీద? గడ్డిపరక మీద. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. పైగా ఆ బ్లేడుకి పదును తగ్గిందంటే గడ్డి కొసలు చీలికలై, ఎండి గోధుమ రంగుకి తిరుగుతాయి. ఈ మాట చెప్పేటప్పుడు మేం వంగి, ఎదుటివాళ్ల లాన్‌లోంచే ఒక పరక తెంపి, వెలుతురుకి పట్టి చూపిస్తాం. ఎందుకో వాళ్లకది నచ్చదు.

ఆ తరవాత గోల్ఫ్ కోర్సు సంగతి ఎత్తుతాం. గోల్ఫ్ గ్రీన్ (బంతి పడాల్సిన గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద గడ్డిని దాదాపు 3 మిల్లీమీటర్ల ఎత్తుకి కోసేది కూడా రీల్ మోవరే, పెద్ద క్రికెట్ మైదానాల్లోనూ ఇదే పద్ధతి, అందుకే ఇంట్లో కూడా ఇదే వాడాలి అని. అక్కడ ఆ రీళ్లని ఇంజన్లు తిప్పుతాయన్న సంగతి, మా లాన్‌లో గడ్డి 5 సెంటీమీటర్ల కిందికి దిగితే నేల ఎగుడుదిగుళ్లన్నీ బయటపడి అక్కడక్కడా మట్టి కనిపిస్తుందన్న సంగతి మాత్రం టైం సరిపోక చెప్పం.

ఈ ప్రచారం మాతో మొదలైంది కాదు. దీనికి 1830 నాటి చరిత్ర ఉంది. ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో, స్ట్రౌడ్ దగ్గర, ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ దీన్ని తయారుచేశాడు. చుట్టుపక్కలంతా ఉన్ని బట్టల మిల్లులు. నేసిన బట్ట మీద లేచిన నూగుని సమంగా కత్తిరించే మెషిన్ చూసి, ఇదే పని గడ్డి మీద చేస్తే ఎలా ఉంటుందా అనుకున్నాడు. అప్పటిదాకా లాన్ అంటే పనివాళ్లు పొడుగాటి కొడవళ్లతో కోయాల్సిందే. మంచి ఆలోచన, పేటెంటు కూడా తీసుకున్నాడు. అక్కడితో ఊరుకోవచ్చు కదా? లేదు. పల్లెల్లో ఉండే పెద్దమనుషులు స్వయంగా దీన్ని వాడితే వినోదం, ఉపయోగం, ఆరోగ్యానికి మంచి వ్యాయామం అన్నీ దొరుకుతాయని ఆ పేటెంటు కాగితంలోనే రాసేశాడు. మెషిన్ ఇంకా బజార్లోకే రాలేదు, ఉపన్యాసం మాత్రం వచ్చేసింది. మేం దాన్ని కొనసాగిస్తున్నాం, మేం కొత్తగా పెట్టిందేమీ లేదు. ఇంకో ముక్క: ఆ తొలి మోవర్ అంతా ఇనుము, మహా బరువు, అందుకని వెనక తోసేవాడికి తోడు ముందు నుంచి ఇంకొకరు లాగడానికి మరో పిడి కూడా ఉండేది. వినోదం ఎవరిదో, వ్యాయామం ఎవరిదో మీరే ఊహించుకోండి.

తరవాత్తరవాత పెద్ద లాన్లకి గుర్రాలు కట్టారు. డెక్కల గుర్తులు పడకుండా వాటి కాళ్లకి తోలు బూట్లు తొడిగేవాళ్లు. 1859లో థామస్ గ్రీన్ అనే ఆయన, గోల చేసే గేర్ల బదులు చైను పెట్టి, ఆ మోవర్‌కి ‘సైలెన్స్ మెస్సర్’ (చప్పుడు లేకుండా కోసేది) అని లాటిన్‌లో పేరు పెట్టి నిశ్శబ్దాన్నే సరుకుగా అమ్ముకున్నాడు. మా అందరి కష్టాలకీ మూలపురుషుడు ఆయనే అని నా అభిప్రాయం.

ఇక సర్దుబాటు. బయటివాళ్లకి అర్థం కాని భాగం ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. రీల్‌కీ కింది బ్లేడుకీ మధ్య సందు ఉండీ లేనట్టు ఉండాలి. ఎక్కువైతే గడ్డి తెగకుండా మధ్యలో మడతపడి అలాగే జారిపోతుంది. తక్కువైతే ఇనుము ఇనుముకి రాసుకుని కీచుమంటుంది, తోసేవాడికి ఊపిరాడదు. రెండు పక్కలా స్క్రూలుంటాయి, వాటిని వెంట్రుకవాసి తిప్పాలి. టెస్టుకి న్యూస్‌పేపర్ ముక్క కావాలి. లాన్ మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, చేతికి మందపాటి గ్లవ్స్ వేసుకుని (ఇది వ్యంగ్యం కాదు, వేళ్లు నిజంగానే పోతాయి), పేపర్‌ని రెండు బ్లేడ్ల మధ్య పెట్టి రీల్‌ని మెల్లగా తిప్పాలి. ఎడమ కొసన చక్కగా తెగుతుంది. మధ్యలో తెగుతుంది. కుడి కొసన నలిగి మడతపడుతుంది. సరే, కుడి స్క్రూ కాస్త బిగిస్తాం. ఇప్పుడు కుడి కొసన తెగుతుంది, ఎడమ కొసన మడతపడుతుంది. ఎడమది బిగిస్తాం. ఇప్పుడు రెండు కొసలా అద్భుతంగా తెగుతుంది, రీల్ మాత్రం తిరగదు. మళ్లీ వదులు చేస్తాం. చుట్టూ వేలెడేసి పేపర్ ముక్కలు పోగవుతుంటాయి, వాటిమీద సగం సగం తెగిన వార్తలు చదువుకుంటూ దేశం ఏమైపోతోందా అని బాధపడుతుంటాం. ఈలోగా పక్కింటాయన తాడు లాగి, లాన్ పూర్తిచేసి, స్నానం కూడా చేసి వచ్చి గోడ మీంచి చూస్తుంటాడు. మోవర్ కనిపెట్టిన ఆ బడ్డింగే తరవాత స్క్రూతో సర్దుకునే స్పానర్ ఒకటి కూడా తయారుచేశాడు. ఎందుకు చేయాల్సి వచ్చిందో మాకెవరూ చెప్పనక్కర్లేదు.

పదును పోయినప్పుడు చేసే పని ఇంకోటి ఉంది. బ్లేడ్లకి గరుకు పేస్టు పూసి, హ్యాండిల్ తగిలించి రీల్‌ని వెనక్కి తిప్పాలి. ముందుకి కాదు, వెనక్కి. ఆ పేస్టు బ్లేడ్లకి అంటుకున్నంతగా చేతులకీ, గేటుకీ, లోపలికెళ్లి లైటు వేసిన స్విచ్‌కీ కూడా అంటుకుంటుంది. ఇంట్లోవాళ్లు దీని గురించి వేరే వ్యాసం రాయగలరు.

ఇన్ని చేసి లాన్‌లోకి దిగితే పుల్లలు. పెన్సిల్ కంటే సన్నటి ఎండుపుల్ల ఒక్కటి రీల్‌లో పడితే చాలు, అంత ఇనుమూ ఉన్నచోటే ఠక్కున ఆగిపోతుంది. మనం మాత్రం ఆగం. పిడి వచ్చి పొట్టలో దిగుతుంది. ఇంజన్ ఉన్న మోవర్ పుల్లని ముక్కలు చేసి ముందుకెళ్తుంది, పుల్లకీ మనిషికీ మధ్య సంబంధమే ఉండదు. మా దగ్గర ఉంటుంది. మెషిన్‌తో ప్రతి పుల్ల గురించీ ముఖాముఖి మాట్లాడుకుంటాం, ఆ మాటలు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

కంకి వేసిన కాడలు ఇంకో రకం. మోవర్ వస్తున్నంతసేపూ వినయంగా వంగి దారిస్తాయి, దాటి వెళ్లగానే నిటారుగా లేచి నిలబడతాయి. పదవిలో ఉన్నవాడి ముందు ఎలా మసులుకోవాలో తెలిసిన ఉద్యోగి కూడా వాటిముందు దిగదుడుపే. వెనక్కొచ్చి మళ్లీ తోస్తే మళ్లీ వంగుతాయి. చివరికి చేత్తో పీకాల్సిందే. ఇక గోడ వెంబడి నాలుగు వేళ్ల వెడల్పున గడ్డి ఎప్పటికీ తెగదు, ఎందుకంటే అక్కడ నడిచేది చక్రం, రీల్ దానికి లోపలి వైపు ఉంటుంది. దాన్ని మేం ప్రకృతి కోసం వదిలేసిన భాగం అంటాం. ఇంట్లో ‘నువ్వు చెప్పేది కాస్త తగ్గించి ఆ అంచు కత్తిరించు’ అంటారు. ప్రకృతి మీద ప్రేమ లేని మనుషులు.

ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ కోయకూడదన్నది లాన్ తెలిసినవాళ్లందరూ చెప్పే నియమం. పెట్రోల్ వాళ్లు దాన్ని మీరగలరు. మాకు ఆ పాపం చేసే అవకాశం కూడా లేదు, గడ్డి పెరిగిపోయిందంటే మెషిన్ కదలనే కదలదు. తడిగా ఉంటే చక్రాలు జారతాయి, చక్రం జారితే రీల్ తిరగదు. అందువల్ల గడ్డి బాగా పెరిగే కాలంలో రెండు వానల మధ్య దొరికే ఒక్క పొడి సాయంత్రం కోసం కాచుక్కూర్చోవాలి, రెండు వారాలు ఎక్కడికైనా వెళ్దామని ఎవరైనా అంటే ముందు లాన్ వైపు చూడాలి. దీన్నే మేం క్రమశిక్షణ అంటాం. బయటివాళ్లకి మాత్రం ‘పర్యావరణం కోసం’ అని చెబుతాం, అదీ అబద్ధం కాదు, పొగ లేదు, నూనె మరకల్లేవు, కోసిన సన్నటి ముక్కలు అక్కడే రాలి కుళ్లి నేలకి నత్రజనిగా తిరిగొస్తాయి. కాకపోతే పొగ లేదన్నది కంటికి కనిపించే విషయం కాదు కదా. లేనిదాన్ని చూపించి మెచ్చుకోమంటే ఎవరు మెచ్చుకుంటారు? మళ్లీ మనమే చెప్పుకోవాలి.

అన్నిటికంటే బాధపెట్టేది జాలి. దారిన పోయేవాళ్లు ఆగి ‘అయ్యో, మోటారు పాడైందాండీ?’ అంటారు. లేదండీ, దీనికి మోటారే ఉండదు అంటే ఇంకా జాలిగా చూస్తారు. పక్కింటాయన మనసున్న మనిషి, ‘మొహమాటపడకండి, మాది తీసుకెళ్లండి, పెట్రోల్ కూడా ఉంది’ అంటాడు. ఆయనకి రీల్ గురించి, పరక కొసల గురించి, 1830 గురించి ఓపిగ్గా చెబుతాం. ఆయనా ఓపిగ్గా విని, ‘అవునవును, కానీ కావాలంటే తీసుకెళ్లండి’ అంటాడు. పిల్లలొక్కరే మమ్మల్ని గుర్తిస్తారు. ‘అంకుల్, నేను తోస్తా, నేను తోస్తా’ అని వస్తారు, ఒక వరస తోస్తారు, ఇంట్లో అమ్మ పిలుస్తోందంటారు. ఆ అమ్మ పిలుపు మాకెప్పుడూ వినపడలేదు.

కాబట్టి మా డిమాండ్లు ఇవీ. పెట్రోల్ మోవర్ చేసే చప్పుడుని ఎంతసేపు భరిస్తారో, కనీసం అందులో సగం సేపు మా మాటలు కూడా వినాలి. మోటారు పాడైందా అని అడగకూడదు. మెషిన్ మీద చెయ్యేసి ‘జిమ్‌కి వెళ్లక్కర్లేదు, బావుంది’ అనే మాట కూడా ఇక చాలు, బడ్డింగే చెప్పేశాడు.

మేం పనిలో ఉన్నామని గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. ముందుకి తోసేటప్పుడు చిన్న సరసర తప్ప ఏమీ వినపడదు గానీ, వెనక్కి లాగేటప్పుడు రీల్ తిరగకుండా చక్రాల్లో టిక్‌టిక్‌టిక్‌మని చప్పుడొస్తుంది. అవసరమైన దానికంటే ఎక్కువ దూరం వెనక్కి లాగుతూ ఎవరైనా కనిపిస్తే గేటు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఏం మాట్లాడాలో తెలియకపోతే రీల్‌కి బ్లేడ్లు ఎన్ని అని అడగండి. నాదానికి ఐదు. ఏడు ఉంటే కోత ఇంకా నున్నగా వస్తుందని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, తోయడం ఎంత బరువో మాత్రం చెప్పరు, వాళ్లతో మేం మాట్లాడం.