1,024 మంది ఉమ్మడి కుటుంబం

మనిషి సంఘజీవి అన్న వాక్యాన్ని మనం చిన్నప్పుడు సాంఘిక శాస్త్రం పరీక్షలో రెండు మార్కులకు రాసి మరిచిపోయాం. ఆ సంఘానికి ప్రవేశ రుసుము నిర్ణయించవచ్చుననీ, దానిపై 18 శాతం జీఎస్టీ కూడా వసూలు చేయవచ్చుననీ గ్రహించినవారు మాత్రం మరిచిపోలేదు. వారు ఇప్పుడు ఆన్‌లైన్ కోర్సులు అమ్ముతున్నారు. ఆ కోర్సుల చుట్టూ వారు ఎంతో శ్రమతో కడుతున్న ‘కమ్యూనిటీ’ అనే కట్టడాన్ని విశాఖ పౌరులు తగినంత గౌరవంతో చూడడం లేదన్న బాధతో, అటువంటి ఒకదానిలో పదకొండు నెలలుగా సభ్యుడినై ఉన్న నేను ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నేను చేరినది ఇంట్లో పుట్టగొడుగుల పెంపకం కోర్సు. సీతమ్మధారలో రెండో అంతస్తు ఫ్లాట్‌లో, సామాన్లు పడేసుకునే చీకటి గదిలో, ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచి ఇంటి ఖర్చంతా వెళ్లదీయవచ్చునని ఫోన్‌లో ఒక యువకుడు చెప్పాడు. సముద్రపు గాలిలోని తేమ మనకు శాపం కాదు, పెట్టుబడి అన్నాడు. ఆ తేమకు బీరువాలో పట్టుబట్టలు బూజు పట్టడం తప్ప మరో ప్రయోజనం ఎరగని నాకు అది వేదవాక్కులా తోచింది. 99 రూపాయల వెబినార్‌తో మొదలైన ప్రయాణం రెండు గంటల్లో 4,999 రూపాయల కోర్సు దగ్గర తేలింది. జీఎస్టీతో కలిపి 5,898 రూపాయల 82 పైసలు. ఆ 82 పైసలు చూసి, ఇంత ఖచ్చితమైన మనుషులు మోసం చేయరని నా భార్యకు నచ్చజెప్పాను.

డబ్బు కట్టే ముందు తెర మీద ఒక గడియారం పదిహేను నిమిషాల నుంచి వెనక్కి నడిచింది. సున్నాకు చేరగానే, ఆఫర్ ముగిసిందని నేను కుమిలిపోతుండగా, మళ్లీ పదిహేను దగ్గర మొదలైంది. ‘వద్దు’ అనదలచుకున్నవారి కోసం పక్కనే ‘వద్దు, నాకు జీవితంలో ఎదగాలని లేదు’ అని ఒక బటన్ కూడా పెట్టారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న వెలువరించిన మార్గదర్శకాలలో కొనేవాడిని ఏమార్చే 13 రకాల ఎత్తుగడలను, అంటే ‘డార్క్ ప్యాటర్న్’లను పేర్కొని, లేని తొందరను కల్పించడాన్ని మొదటి స్థానంలోనూ, కాదన్నవాడిని సిగ్గుపరచడాన్ని మూడో స్థానంలోనూ నిలిపింది. ఢిల్లీలో కూర్చున్నవారికి సముద్రం అంటే ఏమిటో తెలియదని అనుకోవలసి వస్తోంది. ఆర్కే బీచ్‌లో వెనక్కి వెళ్లిన అల మళ్లీ ముందుకు వస్తుంది. దానిని ఎవరైనా మోసం అన్నారా?

ఇక్కడ ఈ వ్యాపారపు మూలసూత్రం చెప్పుకోవాలి, ఎందుకంటే తెలియనివారు పాఠాలనే సరుకు అనుకుంటారు. పాఠం సరుకు కాదు. వరిగడ్డిని ఎంతసేపు నానబెట్టాలో చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో ఊరకే దొరుకుతాయి. కృషి విజ్ఞాన కేంద్రాల వారు పిలిచి మరీ శిక్షణ ఇస్తారు. పైగా పాఠం చేతికి వచ్చినా చదివేవారు తక్కువ. హార్వర్డ్, ఎంఐటీ వంటి మహా విద్యాసంస్థలు ప్రపంచమంతటికీ తెరిచి ఉంచిన ఆన్‌లైన్ కోర్సుల లెక్కలను ఇద్దరు ఎంఐటీ పరిశోధకులు పరిశీలించి 2019 జనవరిలో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. పేరు నమోదు చేసుకున్నవారిలో 52 శాతం మంది కోర్సు గడప కూడా తొక్కలేదు. 2017-18లో చివరిదాకా పూర్తిచేసినవారు 3.13 శాతం. ఈ అంకె చూసి విద్యావేత్తలు దిగులుపడ్డారు. పాపం, వారికి వ్యాపారం తెలియదు. పూర్తిచేసినవాడు ఏం చేస్తాడు? నేర్చుకున్నాడు గనుక దండం పెట్టి వెళ్లిపోతాడు. వాడివల్ల ఇక పైసా రాదు. పూర్తిచేయనివాడి దగ్గర మాత్రం ‘డబ్బు కట్టి చదవలేదే’ అన్న అపరాధభావం ఉంటుంది, అది మాగాయలాగా ఏడాది పొడవునా నిల్వ ఉండే పదార్థం. అతన్ని ఒంటరిగా వదిలేస్తే ఏదో ఒక రాత్రి డబ్బు వాపసు అడుగుతాడు. తనలాంటి మరో వెయ్యిమంది మధ్య కూర్చోబెడితే, ‘మనమందరం ప్రయాణంలోనే ఉన్నాం’ అని తృప్తిపడి, రెండో కోర్సు కొంటాడు. ఆ కూర్చోబెట్టే చాపకే కమ్యూనిటీ అని పేరు.

మా చాప వాట్సాప్‌లో ఉంది. ఒకప్పుడు 256 మందికి మించి పట్టని వాట్సాప్ గ్రూపు 2022లో మొదట 512 మందికీ, ఆ ఏడాది చివరికి 1,024 మందికీ విశాలమైంది. కోర్సు నడిపే మా సర్ ఆ 1,024 స్థానాలనూ నింపి, ‘ఇది గ్రూపు కాదు, కుటుంబం’ అని ప్రకటించారు. ఒక మనిషి నిలకడగా నిలుపుకోగలిగిన సంబంధాలు 150కి అటూఇటూగా ఉంటాయని రాబిన్ డన్‌బార్ అనే బ్రిటిష్ మానవశాస్త్రవేత్త 1990లలో సిద్ధాంతీకరించాడట. ఆయన మన వైపు పెళ్లిభోజనానికి వచ్చి ఉండడు. వరుసలు తెలియని వెయ్యిమందిని ‘బాబాయ్ గారూ, ఇంకొంచెం పులిహోర’ అంటూ సాగనంపగలిగిన జాతికి 150 ఒక లెక్కా? చెయ్యి కడుక్కున్నాక ఎవరు ఎవరో గుర్తుండకపోవడం వేరే విషయం.

కుటుంబం అన్నాక అందరూ మాట్లాడరు. ఆన్‌లైన్ సముదాయాలలో నూటికి 90 మంది చూస్తూ ఊరుకుంటారనీ, తొమ్మిదిమంది అప్పుడప్పుడూ నోరు విప్పుతారనీ, మిగిలిన ఒక్కరే అదంతా నడిపిస్తారనీ జేకబ్ నీల్సన్ అనే వెబ్ వాడుక నిపుణుడు 2006లో రాశాడు. ఆ ప్రకారం మాకు పదిమంది రావాలి. తూకం వేసినట్టు పదిమందే ఉన్నారు. గాజువాకలో స్థిరపడిన ఒక విశ్రాంత ఉద్యోగి తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలకు సూర్యోదయం బొమ్మ పంపుతారు. తూర్పు తీరంలో ఉన్నాం గనుక సూర్యుడు మనకు ముందే వస్తాడు గానీ, ఆయన కంటే ముందు మాత్రం రాడు. దానికి జవాబుగా నమస్కారాలు, పువ్వులు, దేవుళ్లు వస్తారు. మా సర్ నెలాఖరున వీటన్నింటినీ కలిపి లెక్క వేయించి, ‘మన ఎంగేజ్‌మెంట్ చూడండి’ అని ఒక రంగుల పటం పెడతారు. అందులో పుట్టగొడుగుల గురించిన సందేశాలు ఎన్నని అడగడం అనాగరికం. అవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయని మాత్రం చెప్పగలను.

ఆ వేళ్ల మీది సందేశాలలో దాదాపు అన్నీ ఒక్కరివే. ఎంవీపీ కాలనీలో ఉండే పెద్దావిడ ఒకరు. చోడవరం వైపు పల్లెలో అక్కగారితో కలిసి చాలా ఏళ్లు పుట్టగొడుగులు పెంచారట. కొడుకు ముచ్చటపడి కోర్సు కొనిపెడితే, వాడు కట్టిన డబ్బు వృథా చేయడమెందుకని చేరారు. ఎవరో విత్తనం మొలకెత్తలేదని అడుగుతారు. మా సర్ ‘గ్రేట్ క్వశ్చన్! ఫ్యామిలీ, ఎవరు సహాయం చేస్తారు?’ అంటారు. ఆవిడ సహాయం చేస్తారు. ఎవరో సంచికి రంధ్రాలు ఎన్ని పెట్టాలంటారు. మా సర్ ‘పవర్‌ఫుల్! ఫ్యామిలీ?’ అంటారు. ఆవిడ చెబుతారు. మధ్యాహ్నం నిద్ర మాని, కళ్లజోడు పెట్టుకొని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తారు. బోధించేవారికి జీతం ఇచ్చే పద్ధతి, 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో మన ఊరికి వచ్చేనాటికే ఉంది. బోధించేవారి దగ్గరే 5,898 రూపాయల 82 పైసలు పుచ్చుకోవచ్చునన్న ఊహ ఆ వ్యవస్థాపకులలో ఒక్కరికీ తట్టకపోవడం ఆశ్చర్యమే. ఆరు నెలల సేవకు గుర్తింపుగా మా సర్ ఆవిడకు ‘కమ్యూనిటీ ఛాంపియన్’ అని బంగారు అంచున్న డిజిటల్ పత్రం ప్రదానం చేశారు. ‘దీన్ని ఎక్కడ పెట్టుకోవాలి బాబూ?’ అని ఆవిడ గ్రూపులోనే అడిగారు. 340 చప్పట్లు పడ్డాయి.

బుధవారం మాకు విజయాలు చెప్పుకునే రోజు. చెప్పుకోవడానికి ఏమీ లేకపోతే కుటుంబానికి అప్రతిష్ఠ గనుక నేను స్కూటర్ మీద ఆనందపురం దాటి వెళ్లి ఒక మోపు వరిగడ్డి తెచ్చాను. ‘ఆవు వెనకాల వస్తోందా సార్?’ అని మా వాచ్‌మన్ అడిగాడు. గడ్డి ఫోటో పెడితే 61 మంది అభినందించారు. గడ్డి కొన్నందుకు మనిషిని అభినందించే సమాజం ఇంకెక్కడుంది చెప్పండి? గడ్డిని నానబెట్టి, వేడినీటిలో ఉంచి తీసి, సంచుల్లో పొరలు పొరలుగా విత్తనం వేసి, తాళ్లకు వేలాడదీశాను. ఆ విత్తనం నుంచి పుట్టే తెల్లని బూజు గడ్డినంతా అల్లుకోవడానికి రెండు మూడు వారాలు చీకటిలో కదపకుండా వదిలేయాలి. కమ్యూనిటీ పద్ధతులకు ఇది పూర్తిగా విరుద్ధం. మాకు 21 రోజుల ఛాలెంజ్ నడుస్తోంది, రోజూ ఒక ఫోటో పెట్టాలి. అందుకని నేను రోజూ తలుపు తెరిచి, లైటు వేసి, సంచిని తిప్పి తిప్పి ఫోటో తీశాను. నా పేరు పక్కన వరుసగా 16 నక్షత్రాలు వచ్చాయి. 17వ రోజున సంచి ఆకుపచ్చగా మారింది.

తెల్లగా ఉండవలసినది ఆకుపచ్చగా మారిందంటే పరాయి బూజు పట్టిందని అర్థం. ఫోటో పెట్టి, ‘సర్, ఎందుకిలా?’ అన్నాను. మూడు నిమిషాల తర్వాత నా ప్రశ్న ఉన్న చోట ‘ఈ సందేశాన్ని అడ్మిన్ తొలగించారు’ అన్న అర్థమిచ్చే వాక్యం కనిపించింది. వెంటనే విడిగా ఒక కబురు వచ్చింది: ‘సర్, నెగెటివ్ ఎనర్జీ వద్దు. కొత్త బ్యాచ్ వాళ్లు చూస్తున్నారు.’ ఇది సమంజసమే. ఉమ్మడి కుటుంబంలో పెళ్లిచూపులు జరుగుతుండగా పెరట్లోని గొడవ వసారాలోకి రానిస్తామా? అయితే ఆ మూడు నిమిషాలలోనే ఎంవీపీ కాలనీ ఆవిడ ఫోటో చూసేశారు. ఆవిడ విడిగా ఒక్కటే ముక్క రాశారు: ‘గడ్డి పిండితే అరచెయ్యి తడవాలి గానీ చుక్క కారకూడదు బాబూ. నీకు కారి ఉంటుంది.’

నిజమే, కారింది.

ఆ తర్వాత మా సర్ ‘ఆఫ్‌లైన్ మీట్’ ప్రకటించారు. బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి ఎదురుగా, ఆదివారం సాయంత్రం 5 గంటలకు. వస్తామని బొటనవేళ్లు ఎత్తినవారు 200 మందికి పైగా, వచ్చినది ఆరుగురు. నేను నిరుత్సాహపడలేదు. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002 నుంచి మన ఒడ్డున మ్యూజియంగా కూర్చున్న ఆ నౌకను చూస్తుంటే కమ్యూనిటీ స్వభావం బోధపడింది. మిగిలినవారంతా నీటి అడుగున ఉన్నారు. శబ్దం చేయరు, కనపడరు, కానీ ఫీజు కట్టారు. మా సర్ వచ్చి, ఆరుగురినీ దగ్గరగా నిలబెట్టి, వెనకాల షికారుకొచ్చిన జనం మా వాళ్లలాగా కనిపించే కోణంలో ఫోటో తీసుకొని, మరో ఊరి లైవ్ ఉందంటూ కారెక్కారు. ఆ ఫోటో మరునాడు ‘విశాఖలో మన కుటుంబ ప్రభంజనం’ అన్న శీర్షికతో కొత్త బ్యాచ్ ప్రకటనలోకి ఎక్కింది. అందులో బెలూన్లు అమ్మే అతను కూడా ఉన్నాడు. అతనికి సభ్యత్వం ఉందో లేదో నేను అడగలేదు.

సర్ వెళ్లాక ఆరుగురం మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకొని గట్టు మీద కూర్చున్నాం. పదకొండు నెలలలో మొదటిసారి పుట్టగొడుగుల గురించి గంటన్నర మాట్లాడుకున్నాం. ఎండలు ముదిరినప్పుడు గోనెసంచులు తడిపి కిటికీలకు ఎలా కట్టాలో, విత్తనం ఎన్నాళ్లదో చూసుకోకుండా ఎందుకు కొనకూడదో, ఏ హోటలువాళ్లు నగదు ఇస్తారో, ఎవరు తిప్పించుకుంటారో ఎంవీపీ కాలనీ ఆవిడ చెబుతుంటే ఒకాయన మిక్చర్ పొట్లం కాగితం మీద రాసుకున్నాడు. ఎవరూ ఎవరికీ నక్షత్రం ఇవ్వలేదు. చీకటి పడ్డాక ఆరుగురి పేరా విడిగా ఒక చిన్న గ్రూపు పెట్టుకున్నాం. దానికి పేరు ‘గడ్డి’.

వ్యాపార దృష్టితో పరిశీలిస్తే ‘గడ్డి’ ఘోరమైన వైఫల్యం. సూర్యోదయాలు లేవు, ఛాలెంజ్ లేదు, విజయ బుధవారం లేదు. వారానికి నాలుగైదు సందేశాలు వస్తాయి, అవి కూడా ‘మొగ్గలు వచ్చాయి, నీళ్లు ఎంత చల్లాలి?’ వంటి నీరసమైనవి. ఆవిడ జవాబు రాస్తారు, అడిగినవారు అలాగే చేస్తారు, అక్కడితో సంభాషణ చచ్చిపోతుంది. సమస్య తీరిపోతే మనిషి మళ్లీ ఎందుకు వస్తాడన్న ప్రాథమిక ప్రశ్న ఆవిడకు తట్టినట్టే లేదు. ఇంతలో పెద్ద కుటుంబంలో మా సర్ ‘ఇన్నర్ సర్కిల్’ ప్రకటించారు: 24,999 రూపాయలు, 20 మందికే స్థానం, గడియారం మళ్లీ వెనక్కి నడుస్తోంది. అందులో నేర్పేది పుట్టగొడుగులు కావు, సొంత కోర్సు తయారుచేసి దాని చుట్టూ సొంత కమ్యూనిటీ కట్టుకోవడం ఎలాగో నేర్పుతారట. నేను ఆ ప్రకటనను శ్రద్ధగా చదివి, ఆవిడ మేలు కోరి, మొన్న ఒక సుదీర్ఘమైన సందేశం పంపాను. మీ దగ్గర విద్య ఉంది, మీకు 99 రూపాయల వెబినార్ ఉండాలి, ఒక గడియారం ఉండాలి, ప్రశ్న అడగగానే జవాబు చెప్పే అలవాటు మానుకోవాలి, కావాలంటే అడ్మిన్‌గా నేను ఉంటాను అని వివరించాను.

ఆవిడ మధ్యాహ్నం నిద్ర లేచాక జవాబిచ్చారు.

‘అలాగే బాబూ. ముందు ఆ గడ్డి సరిగ్గా పిండు.’