ముందు నూనె, ఆ తర్వాతే సరిగమలు

గిటారు నేర్చుకోవడం కష్టమని లోకం అనుకుంటోంది. వేళ్ళు కాయలు కాస్తాయి, అంతే కదా. కొన్నాళ్ళకు ఆ నొప్పీ పోతుంది. అసలు కష్టం ఎక్కడుందో తెలియాలంటే రంగు వెయ్యని ఎలక్ట్రిక్ గిటారు బాడీ ఒకటి కొనుక్కుని, ఆ చెక్కకు పైపూతగా ఏ నూనె పట్టించాలో తేల్చుకుందామని కూర్చోండి. నేను కూర్చుని పద్నాలుగు నెలలైంది. ఈలోగా ఏదో ఒక నూనె రాసేసి, తీగలు బిగించి, హాయిగా వాయించుకుంటున్న వాళ్ళను ముగ్గురిని చూశాను. అలాంటి బాధ్యత లేని మనుషులను ఉద్దేశించే ఈ నాలుగు మాటలు.

నూనెల్లో ఆరేవి, ఆరనివి అని రెండు జాతులు. అవిసె నూనె, టంగ్ అనే చెట్టు గింజల నుంచి తీసే టంగ్ నూనె, వాల్‌నట్ నూనె ఆరే జాతి. ఆరడమంటే తడిబట్టలో నీళ్ళలా ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని చెక్కలోనే గట్టిపడతాయి. ఆలివ్, కొబ్బరి, మినరల్ ఆయిల్ ఆరని జాతి. ఏడాది ఆగి చూసినా జిడ్డు జిడ్డే. ఇంత స్పష్టంగా ఉంటే ఎంచుకోవడం ఎంతసేపు అంటారా? అయితే మీరు డబ్బాల మీద లేబుళ్ళు చదవలేదన్నమాట.

‘బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ అంటే కాచిన అవిసె నూనె అనుకున్నాను. ఇప్పుడు అమ్మే వాటిలో చాలావాటిని ఎవరూ కాచరు. త్వరగా ఆరడానికి లోహపు లవణాలేవో కలుపుతారు. ‘టీక్ ఆయిల్’ టేకు చెట్టు నుంచి రాదు. ‘డేనిష్ ఆయిల్’ అంటే నూనె, వార్నిష్, థిన్నర్ కలిపిన మిశ్రమం. ఏది ఎంత కలపాలో ఎవరి లెక్క వాళ్ళది. ‘టంగ్ ఆయిల్ ఫినిష్’ అని పెద్దక్షరాలతో రాసిన డబ్బాల్లో కొన్నిట్లో పలచన చేసిన వార్నిషే ఉంటుంది. అందులో టంగ్ నూనె, నేతిబీరకాయలో నెయ్యి. ఇక గిటారు వాళ్ళు ప్రాణంలా చూసుకునే ట్రూ-ఆయిల్ సంగతి. అది గిటారు కోసం పుట్టనేలేదు, తుపాకీ వెనకుండే కర్ర కోసం పుట్టింది. వేటగాడు నోరు మెదపకుండా రాసుకునే సరుకు మీద మనం ఇంత తాత్త్విక చర్చ చేస్తున్నామంటే, ఎవరి సంస్కారం గొప్పదో మీరే ఆలోచించండి.

ఇప్పుడు టోన్, అంటే గిటారు పలికే నాదపు తీరు. ఎలక్ట్రిక్ గిటారులో ఉక్కు తీగ కదులుతుంది, దాని కింద పికప్‌లో అయస్కాంతం, చుట్టూ రాగి తీగ చుట్ట. తీగ కదలిక కరెంటుగా మారి ఆంప్లిఫయర్‌కి వెళుతుంది. ఈ దారిలో నూనె ఎక్కడా తగలదు. ఇది భౌతికశాస్త్రం మాట. కానీ భౌతికశాస్త్రానికి చెవులున్నాయా? నేను రోజూ రాత్రి బాడీని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టి వింటాను. టక్‌మంటుంది. అవిసె నూనె రాస్తే ఆ టక్కు వెచ్చబడుతుందనీ, టంగ్ నూనె రాస్తే తెరుచుకుంటుందనీ అనుభవజ్ఞులు చెబుతారు. పైగా ప్లాస్టిక్‌లాంటి పూత వేస్తే చెక్కకు ఊపిరాడదట. చెట్టు కొట్టి, కోసి, ఆరబెట్టి, బోల్టులు బిగించి గిటారు చేశాక కూడా దాని ఊపిరి గురించి బెంగపడే మనసు మనది.

క్వీన్ బ్యాండు గిటారిస్టు బ్రియాన్ మే తన తండ్రితో కలిసి 1963లో ఇంట్లోనే గిటారు చెయ్యడం మొదలుపెట్టాడు. మెడకు పాత నిప్పుగూటి చుట్టూ ఉండే మహాగనీ చెక్క వాడారు. అంతా అయ్యాక దానికి వేసింది ప్లాస్టిక్ కోటింగ్. ఆ గిటారు ఊపిరాడక మూలిగిందని ఇంతవరకూ ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. దీన్ని మినహాయింపుగా తీసుకోవాలి. మినహాయింపులను పట్టుకుని సిద్ధాంతాలు వదులుకోలేం.

పరీక్షలు చెయ్యకుండా మాట్లాడుతున్నానని అనుకోకండి. బాడీ కోసినప్పుడు మిగిలిన ముక్కలు పదకొండు తెచ్చుకున్నాను. ఒక్కోదాన్నీ 120, 180, 220 నంబరు ఉప్పు కాగితాలతో వరసగా రుద్దాను. తడిగుడ్డతో తుడిస్తే చెక్క నార లేచి గడ్డంలా గుచ్చుకుంటుంది, ఆరాక మళ్ళీ రుద్దాలి. తర్వాత ఒక ముక్క మీద నాలుగు చుక్కలు నూనె వేసి వేలితో నులిమాను. అప్పటిదాకా పిండి పట్టినట్టు తెల్లబోయి ఉన్న చెక్క ఒక్కసారిగా తేనెరంగుకి తిరిగింది. లోపలి చారలు వెలుతురుకి అటూ ఇటూ కదిలాయి. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఇదే చాలనిపించింది. గుండె దిటవు చేసుకుని రెండో ముక్క తీశాను.

అక్కడో తప్పు చేశాను. మెరుపు ఎక్కువ రావాలని ఆ ముక్కకు నూనె దట్టంగా పోసి, తుడవకుండా వదిలేశాను. వారం తర్వాత ముట్టుకుంటే వేలు అంటుకుంది. ఒంటినిండా నూనె రాసుకుని దొర్లినా అంటేదే అంటుతుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. చెక్క తాగినంత తాగుతుంది, మిగిలింది పావుగంటలో పొడిగుడ్డతో పూర్తిగా తుడిచెయ్యాలి. పలచటి పూతలు, మధ్యలో ఓపిక. పని మొత్తం ఇంతే. ఇంత చిన్న విషయాన్ని పద్నాలుగు నెలలు చర్చించడం ఎలాగన్న ప్రశ్న కొందరు లేవదీస్తున్నారు. వాళ్ళకు జవాబివ్వను.

ఒకటి మాత్రం వ్యంగ్యం పక్కనపెట్టి చెబుతాను. అవిసె నూనె తుడిచిన గుడ్డపీలికలను ఉండచుట్టి మూలన పడెయ్యకండి. నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి మడతల్లో చిక్కుకుంటే, అగ్గిపుల్ల అవసరం లేకుండానే అవి మండిపోగలవు. విడదీసి బయట ఆరవెయ్యాలి, లేదా నీళ్ళలో ముంచాలి. టోన్ గురించి నాతో గంటలు గంటలు వాదించిన వాళ్ళలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. ఈ వ్యవహారం మొత్తంలో నిజంగా వేడి ఉన్నది గుడ్డపీలిక ఒక్కదానికే.

మొన్న మా తమ్ముడు వచ్చాడు. గోడకు వేలాడుతున్న బాడీని చూసి, “అన్నయ్యా, ఇంతకీ నీకు వాయించడం వచ్చా?” అన్నాడు.

“ముందు దీని సంగతి తేలనీరా,” అన్నాను.

“పోనీ ఏదో ఒకటి రాసెయ్. నచ్చకపోతే రుద్దేసి మళ్ళీ రాసుకోవచ్చుగా?”

ఈ తరానికి లోతు లేదు. వాడన్నది నిజమే కావచ్చు. నూనె పూతలో ఉన్న సుఖమే అది, గీత పడితే అక్కడికక్కడ కాస్త రుద్ది మళ్ళీ రాయొచ్చు, మొత్తం పీకనక్కర్లేదు. కానీ దిద్దుకోవచ్చు కదా అని మొదలుపెట్టేస్తే ఇక నిర్ణయానికి విలువేముంటుంది?

ఒట్టి చెక్కతో చిన్న ఇబ్బంది ఉంది. రోజూ చెవి దగ్గర పెట్టుకుని కొట్టి వినడం వల్ల చేతి చెమట ఇంకి నల్లటి మరకలు పడుతున్నాయి. అందుకని నెలకోసారి 220 కాగితంతో శుభ్రంగా రుద్దేస్తున్నాను. నిన్న అనుమానం వచ్చి కొలిచాను. కొన్నప్పుడు మందం 45 మిల్లీమీటర్లు. ఇప్పుడు 43. తొందరేం లేదు, టంగ్ నూనె గురించి చదవాల్సింది ఇంకా చాలా ఉంది.