కాటు దగ్గర గెలవకపోతే మెదడులో గెలవలేం

వీధికుక్కల మీద 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చి, పదకొండు రోజులకే దాన్ని మార్చినప్పటి నుంచి మన దగ్గర రేబిస్ అంటే కుక్కల పంచాయితీ అయిపోయింది. పట్టుకెళ్లి షెల్టర్లలో పెట్టాలా, ఆపరేషన్ చేసి వదిలేయాలా, రోడ్డు మీద అన్నం పెట్టేవాళ్లను ఏం చేయాలి... టీవీల్లో అరుచుకోవడానికి బాగానే ఉంటుంది. ఈ గోలలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. కుక్క కరిచాక, వైరస్ ఒంట్లోకి దిగాక, మన ఇమ్యూనిటీ ఏం చేస్తోంది? జలుబు నుంచి డెంగీ దాకా ఎన్నింటినో ఎదుర్కొనే శరీరం ఈ ఒక్క వైరస్ ముందు ఎందుకు చేతులెత్తేస్తోంది? ఈ జవాబు తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా తెలుస్తుందని నా వాదన.

రేబిస్ వస్తే మెదడు మొత్తం పాడైపోయి మనిషి చనిపోతాడని చాలామంది అనుకుంటారు. కానీ రేబిస్‌తో పోయినవాళ్ల మెదడును మైక్రోస్కోప్ కింద చూస్తే, అంత ఘోరమైన చావుకు తగ్గ విధ్వంసం కనిపించదు. నాడీకణాలు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. వాటి లోపల 1903లో ఇటలీ డాక్టర్ నెగ్రి చూపించిన మచ్చలు ఉంటాయి, వైరస్ తన కాపీలు తయారుచేసుకునే చోట్లవి. వాపు ఉంటుంది కానీ, జబ్బు తీవ్రతతో పోలిస్తే తక్కువే. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఈ వైరస్‌కి తాను ఎక్కిన నాడీకణం బతికుండాలి, ఎందుకంటే దానికి అదే దారి.

ఈ వైరస్‌కి ఉన్నవి ఐదే ప్రొటీన్లు. వాటిలో పి అనే ప్రొటీన్ పని, కణం వేసే కేకను గొంతులోనే నొక్కేయడం. ఏ కణంలోకి వైరస్ దూరినా అది ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనాన్ని వదిలి చుట్టుపక్కల కణాలను హెచ్చరిస్తుంది. పి ప్రొటీన్ ఆ ఇంటర్‌ఫెరాన్ తయారీని అడ్డుకుంటుంది, కాస్తో కూస్తో తయారైనా దాని సందేశం కణం కేంద్రకం దాకా చేరనివ్వదు. అమెరికాలో థామస్ జెఫర్సన్ యూనివర్సిటీ వాళ్లు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూస్తే ఇంకా విచిత్రం. గబ్బిలాల నుంచి వచ్చే ప్రాణాంతక రకం ఎక్కిస్తే ఎలుక రక్తంలో యాంటీబాడీలు తయారవుతాయి, సైన్యం సిద్ధంగానే ఉంటుంది, కానీ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న గేటు తెరుచుకోదు. అదే ల్యాబ్‌లో బలహీనపరిచిన రకం ఎక్కిస్తే గేటు తెరుచుకుంటుంది, రక్షక కణాలు లోపలికి వెళ్తాయి, ఎలుక బతుకుతుంది. మెదడులోకి రక్షక కణాలు పోవడం ప్రమాదమని మనం అనుకుంటాం కదా, ఇక్కడ పోకపోవడమే ప్రమాదం.

పోనీ ఆ రక్షక కణాల్లో ఒక రకమైన టీ సెల్స్ కొన్ని ఎలాగో లోపలికి చేరాయనుకోండి. పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోనిక్ లఫోన్ బృందం చూపించింది ఏంటంటే, వైరస్ సోకిన మెదడులో పీడీ-ఎల్1 అనే అణువు పెరుగుతుంది, దాన్ని తగిలిన టీ సెల్స్ అక్కడికక్కడే చచ్చిపోతాయి. క్యాన్సర్ వార్డుల్లో లక్షలు పోసి ఎక్కిస్తున్న ఇమ్యునోథెరపీ మందులు ఇమ్యూనిటీకి పడ్డ బ్రేకుల్ని విప్పుతాయి, ఆ బ్రేకుల్లో ఇదొకటి. క్యాన్సర్ కణాలు వేసే ఎత్తునే ఈ వైరస్ కూడా వేస్తోందన్నమాట.

మరి మెదడుకు సొంతంగా రక్షణ లేదా అంటే, ఉంది, గట్టిదే ఉంది. మైక్రోగ్లియా అనే కణాలు అక్కడే కాపురముంటాయి. రేబిస్‌కి దూరపు చుట్టం, పశువులకు నోట్లో పుండ్లు తెచ్చే వెసిక్యులర్ స్టోమటైటిస్ వైరస్‌ను ఎలుకల ముక్కులో వేసి పరిశోధకులు ఈ కణాల పనితనం చూశారు. వైరస్ వాసన నరాల మీదుగా పైకి ఎక్కుతుంది, మైక్రోగ్లియా అక్కడే అడ్డంగా నిలబడతాయి. వైరస్ ముక్కల్ని ఏరి టీ సెల్స్‌కి చూపిస్తాయి, నాడీకణాల్ని చంపకుండానే వైరస్‌ను తుడిచిపెట్టే ఏర్పాటు జరుగుతుంది. మైక్రోగ్లియాను ముందే తీసేస్తే ఎలుకలు ఎక్కువగా చనిపోతాయి. అంటే మెదడుకు చేతకాదన్నది అబద్ధం. సమాచారం అందితే చేస్తుంది. రేబిస్ ఆ సమాచారాన్నే అందనివ్వదు.

ఇదే కుటుంబంలో పూర్తిగా ఎదురు స్వభావం ఉన్నది ఒకటి మనకు బాగా తెలుసు, కాదు, తెలిసి మర్చిపోయాం. చాందీపురా. 1965లో మహారాష్ట్రలోని ఒక ఊళ్లో దొరికింది కాబట్టి ఆ పేరు. 2003 ఎండాకాలం చివర్లో కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలకు పొద్దున జ్వరం వచ్చి ఒకటి రెండు రోజుల్లోనే స్పృహ తప్పడం, ప్రాణం పోవడం చూశాం. 329 మంది పిల్లలకు సోకితే 183 మంది పోయారు. 2024లో గుజరాత్‌లో మళ్లీ వచ్చింది. ఇక్కడ మెదడు మౌనంగా ఉండదు. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం చేసిన పనిని బట్టి చూస్తే, మైక్రోగ్లియా రెచ్చిపోయి వదిలే రసాయనాలు నాడీకణాల్నే కాటేస్తాయి. ఒకటి గొంతు నొక్కి చంపుతుంది, ఇంకొకటి రెచ్చగొట్టి చంపుతుంది. రెండింట్లోనూ వైరస్ మెదడు చేరాక మన చేతిలో మిగిలేది దాదాపు ఏమీ లేదు.

తేడా ఏంటంటే చాందీపురా టైమ్ ఇవ్వదు, రేబిస్ ఇస్తుంది. చాలా కేసుల్లో నెల నుంచి మూడు నెలలు! కరిచిన చోట కండరంలో కొన్నాళ్లు ఆగి, నరం ఎక్కి, రోజుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున పైకి పాకుతుంది. ఇంత ప్రాణాంతక వైరస్ ఇంత తీరిక ఇవ్వడం అరుదు.

మందు కనిపెట్టేదాకా ఆగొచ్చు కదా అనేవాళ్లున్నారు. వాళ్లదీ కొట్టిపారేసే మాటేం కాదు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో లక్షణాలు మొదలైన ఎలుకలకు రెండు యాంటీబాడీలు కలిపి, మెదడులోకి కూడా ఎక్కిస్తే కొన్ని బతికాయి. 2004లో అమెరికాలో గబ్బిలం కరిచిన 15 ఏళ్ల అమ్మాయిని కోమాలో పెట్టి బతికించారు, మిల్వాకీ పద్ధతి అని ప్రపంచమంతా మారుమోగింది. కానీ ఆ అమ్మాయి ఆస్పత్రికి వచ్చేసరికే ఒంట్లో యాంటీబాడీలున్నాయి. తర్వాత అదే పద్ధతి ఎంతోమంది మీద ప్రయత్నించి నమ్మదగ్గ ఫలితం రాబట్టలేకపోయారు. మన దేశంలో బతికి బయటపడ్డ కొద్దిమందిలో కూడా ఎక్కువమంది అంతకుముందు ఎన్నోకొన్ని డోసుల వ్యాక్సిన్ తీసుకున్నవాళ్లే. వాళ్లలో చాలామంది మంచానికే పరిమితం.

కాబట్టి యుద్ధం పుండు దగ్గరే చేయాలి. సబ్బుతో పావుగంట కడగాలి, అది ఎవరింట్లోనైనా అయ్యే పని (కారం, సున్నం, పసరు పూసే పని మాత్రం ఆపాలి). తర్వాత వ్యాక్సిన్. అయితే వ్యాక్సిన్‌తో యాంటీబాడీలు రావడానికి వారం పైనే పడుతుంది. ఆ వారం రోజుల ఖాళీని పూడ్చేదే రేబిస్ సీరం, ఇమ్యునోగ్లోబులిన్. రక్తం కారేలా కరిచిందంటే అది ఇవ్వాల్సిందే. గుర్రం రక్తం నుంచి తీసిందైతే కిలోకు 40 యూనిట్లు, 20 కిలోల పిల్లాడికి 800 యూనిట్లు, అంటే సుమారు 2.7 మిల్లీలీటర్లు. దాన్ని తుంటికి పొడిచి పంపేయకూడదు. పుండు అంచుల వెంట, పళ్లు దిగిన ప్రతి గంటు లోపలికీ సూదితో ఎక్కించాలి. చెంప మీదో వేలి కొసనో అయితే పిల్లాడు గింజుకుంటాడు, ఇద్దరు గట్టిగా పట్టుకోవాలి, నర్సుకు అలవాటు లేకపోతే చెయ్యి వణుకుతుంది. జబ్బకు వేసే వ్యాక్సిన్‌లాగా అర నిమిషంలో అయ్యే పని కాదిది. అందుకే ఎగ్గొట్టడం సులువు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే అంచనా ప్రకారం దేశంలో ఏటా 91 లక్షల జంతు కాట్లు, 5,726 రేబిస్ మరణాలు. కుక్క కరిచినవాళ్లలో దాదాపు అయిదోవంతు ఒక్క డోసు వ్యాక్సిన్ కూడా తీసుకోలేదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత భయం పల్లెల్లో ఇంకా పోలేదు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, గొర్రె మెదడుతో చేసిన ఆ పాత వ్యాక్సిన్ వల్ల కొందరిలో ఇమ్యూనిటీ తిరగబడి సొంత నరాల మీదే దాడి చేసేది. అది ఆగిపోయి రెండు దశాబ్దాలైంది. ఇప్పుడు చర్మంలో వేసేది నాలుగు విజిట్లతో అయిపోతుందని ఊరూరా చెప్పిన ప్రభుత్వం నాకైతే కనబడలేదు.

మన ఆరోగ్య రాజకీయమే ఇలా తయారైంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి వైద్యం అంటే పెద్ద ఆస్పత్రి, ఐసీయూ, లక్షల బిల్లు సర్కారు కట్టడం. అది అవసరమే, ఎందరో బతికారు. కానీ ఓట్లన్నీ అటే ఉన్నాయి కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) మీద చూపు తగ్గిపోయింది. రేబిస్‌లో ఐసీయూకి చేరిన మనిషికి ఏ కార్డూ పనిచేయదు. పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో వ్యాక్సిన్ పక్కన సీరం ఉందా, దాన్ని పుండు చుట్టూ ఎక్కించడం వచ్చిన నర్సు ఆదివారం కూడా డ్యూటీలో ఉందా, ప్రతి నెలా కలెక్టర్ చూడాల్సిన లెక్కలు ఈ రెండే. వీధికుక్కల లెక్కకంటే ఇవి తేలిగ్గానే తేలతాయి.