ఫీజు గవర్నమెంటే కడుతుంది కదా, ఇంకా సాయం దేనికి అనేవాళ్ళకి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చి అడ్మిషన్లు మొదలైతే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. మా ఊరి గ్రూపులోనే ఈ వారం ముగ్గురు పెట్టారు. అందులో ఉన్నది ఇది: "పల్లెటూరి ఆడపిల్లల చదువుకి డబ్బులు అడిగేవాళ్ళని నమ్మకండి. ఫీజు గవర్నమెంటే కడుతుంది, హాస్టల్ ఫ్రీ, బస్సు ఫ్రీ, మెరిట్ ఉంటే స్కాలర్‌షిప్ వస్తుంది. మీరిచ్చేది పెళ్ళి ఖర్చుకి పోతుంది. ఎలాగూ పెళ్ళయ్యాక ఇంట్లో కూర్చునేవాళ్ళే." పెట్టినవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఒకాయన నాకు చిన్నాన్న వరస. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను. నేను తెలంగాణలో చదివాను కాబట్టి ఎక్కువగా ఇక్కడి సంగతే చెప్తాను.

"ఫీజు గవర్నమెంటే కడుతుంది."

కడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే నేను డిగ్రీ కాలేజీ గడప తొక్కేదాన్నే కాదు, ఆ మేలు మర్చిపోను. కానీ ఆ డబ్బు వచ్చేదాకా భారం ఎవరి మీద ఉంటుందో చూడండి. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టింది ఈ బకాయిల కోసమే, అవి వేల కోట్లకి చేరాయి. ప్రభుత్వం కాలేజీకి బాకీ పడితే కాలేజీ వచ్చి పిల్ల మెడ మీద కూర్చుంటుంది.

నాకు జరిగింది చెప్తాను. డిగ్రీ పాసయ్యాను, పీజీలో సీటొచ్చింది, రిపోర్టింగ్‌కి రెండు రోజులే ఉంది. టీసీ, మెమోల కోసం కాలేజీకి వెళ్తే ఆఫీసులో ఆయన బీరువా తీసి, నా పేరు రాసి ఉన్న కవరు చేత్తో పట్టుకునే, "నీ రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదమ్మా, కట్టేసి తీసుకుపో, పడ్డాక వాపస్ ఇస్తాం" అన్నాడు. కవరు మూరెడు దూరంలో ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చిందని నాకు అప్పుడు తెలియదు, తెలిసినా ఆ రెండు రోజుల్లో ఎవరితో కొట్లాడేది? అమ్మ డ్వాక్రా సంఘంలో అడిగింది, అది చాలక చెవుల కమ్మలు తాకట్టు పెట్టింది. చివరి రోజు మూడు గంటలకి రిపోర్ట్ చేశాను. ఆ రోజు ఎవరైనా ఆ డబ్బు సర్దితే కమ్మలు మిగిలేవి. నాతో చదివిన ఇంకో అమ్మాయికి కమ్మలు కూడా లేవు, ఆమె పీజీలో చేరలేదు.

పైగా ఆ పథకం అందరికీ రాదు. మేనేజ్‌మెంట్ కోటా, స్పాట్ అడ్మిషన్ అయితే రాదు. ఇంజినీరింగ్‌లో బీసీ అమ్మాయికి ర్యాంకు పది వేలు దాటితే మామూలుగా ఇచ్చేది 35,000, కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగతాది ఇంటి మీదే.

"హాస్టల్ ఫ్రీ, బస్సు ఫ్రీ."

2016లో ఎస్సీ గురుకుల సొసైటీ కింద ఆడపిల్లలకి 30 డిగ్రీ గురుకులాలు పెట్టారు, సీటు దొరికితే అంతకంటే కావలసింది లేదు. దొరకనివాళ్ళ సంగతే నేను మాట్లాడేది. బస్సు కూడా నిజంగా పెద్ద సాయం, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి. అయితే మా ఊరికి బస్సే రాదు. రోడ్డు దాకా ఆటో, అక్కడినుంచి బస్సు. ల్యాబ్ ఐదింటిదాకా ఉన్న రోజు బస్సు దిగేసరికి చీకటి పడుతుంది, అప్పుడు ఆటోవాడు ఎంత అడిగితే అంత. పరీక్ష ఫీజు, రికార్డులు, ఫోన్ రీచార్జ్, ప్యాడ్లు, ప్రాజెక్టు ప్రింట్లు, ఇవి ఏ పథకంలో ఉన్నాయి? చదువు మానేసేది చాలాసార్లు పెద్ద మొత్తం దగ్గర కాదు, ఇదిగో ఇలాంటి ఐదొందలూ వెయ్యీ దగ్గరే.

"మెరిట్ ఉంటే స్కాలర్‌షిప్ వస్తుంది."

దానంతట అది రాదు. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఇంజినీరింగ్, డిప్లొమా అమ్మాయిలకి ఏడాదికి 50,000. గవర్నమెంటు స్కూల్లో, కాలేజీలో చదివిన అమ్మాయిలకి అజీమ్ ప్రేమ్‌జీ స్కాలర్‌షిప్ ఏడాదికి 30,000, తెలంగాణ కూడా అందులో ఉంది. ఊళ్ళో అడిగి చూడండి ఎంతమందికి తెలుసో. తెలిసినా ఇన్‌కమ్ సర్టిఫికెట్ కావాలి, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకై ఉండాలి, టెన్త్ మెమోలో పేరూ ఆధార్‌లో పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. పత్తి ఏరే రోజుల్లో తల్లి కూలి పోగొట్టుకుని మీసేవ చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతుంది?

"డబ్బు పెళ్ళికి పోతుంది."

ఈ మాట నాకు బాగా బాధ కలిగించింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, చూడండి: 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. చదువు ఆగిన పిల్ల ఇంట్లో ఉంటే పదిమందీ సంబంధాలు తెస్తారు, కాలేజీకి పోయే పిల్లకి "చదువు అవనీ" అని తల్లి చెప్పుకోగలుగుతుంది. పద్దెనిమిది నిండి పెళ్ళి చేస్తే తెలంగాణలో కల్యాణలక్ష్మి పథకం కింద 1,00,116 వస్తుంది. ఇంటర్ అయ్యే వయసూ అదే. ఆ వయసులో చదువు వైపు కూడా చేతికి కొంత డబ్బు అందితేనే కదా ఆ తల్లి ఇంకోలా ఆలోచించగలిగేది. బిహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళకి డబ్బిచ్చారు. వాళ్ళూ పెళ్ళికి దాచుకుంటారనే అనొచ్చు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కతీస్తే హైస్కూల్లో ఆడపిల్లల చేరికలు 32 శాతం పెరిగాయి.

"పెళ్ళయ్యాక ఇంట్లో కూర్చుంటారు."

మగపిల్లాడికి ఫీజు కట్టేటప్పుడు ఉద్యోగం తప్పక చేస్తావా అని ఎవరమూ అడగం. ఆడపిల్లనీ అడగొద్దు.

నమ్మకం లేకపోతే చేతికి ఇవ్వకండి. పరీక్ష ఫీజు మీరే కట్టండి, హాస్టల్‌కి మీరే కట్టండి, సర్టిఫికెట్లు ఆగితే కాలేజీకి మీరే తోడు వెళ్ళండి. మా ఊళ్ళో ఈ ఏడు ఇంటర్ పాసైన అమ్మాయిలు పదకొండు మంది, నలుగురికి ఇన్‌కమ్ సర్టిఫికెట్ ఇంకా చేతికి రాలేదు. శనివారం పొద్దున వాళ్ళని మీసేవకి తీసుకుపోతున్నాను. చిన్నాన్నా, నీ ఆటో ఆ రోజు ఖాళీ ఉంటే చెప్పు, డీజిల్ నేను పోయిస్తాను.